ఓవర్‌సైజ్ పిస్టన్ కిట్ ఆన్‌లైన్‌లో కొంటున్నారా? బ్లాకు బోరింగ్‌కు ఇచ్చే ముందు ఇది చదవండి

ఇంట్లోనే ఇంజిన్ విప్పి హాఫ్ ఇంజిన్ పని (హెడ్డు, బ్లాకు విప్పి పిస్టన్, రింగులు మార్చడం) చేసుకునే అన్నలు, తమ్ముళ్ళ కోసం ఇది రాస్తున్నా. కొంచెం పొడుగైంది, కానీ కిట్ ఆర్డర్ పెట్టబోతున్నవాళ్ళు మాత్రం పూర్తిగా చదవండి. ‘జెన్యూన్’ అని రాసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న 50 సైజు (కంపెనీ సైజు కంటే అర మిల్లీమీటర్ లావు) పిస్టన్ కిట్ మా నాన్న బండి బ్లాకును, అంటే పిస్టన్ ఆడే సిలిండర్‌ను, పనికిరాకుండా చేసింది. అమ్మినవాళ్ళు ఇప్పటిదాకా ఒక్క రూపాయి వెనక్కి ఇవ్వలేదు. పైసలు పోయినందుకు బాధ ఉంది, దానికంటే ఎక్కువ కోపం ఉంది, ఎందుకంటే ఆ బండి మీద రోడ్డెక్కింది మా నాన్న.

బండి పాత హీరో హోండా స్ప్లెండర్, 97.2 సీసీ. హన్మకొండ నుంచి ఊరికి, పొలానికి, సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు, అన్నిటికీ అదే. నీలం పొగ కొడుతోంది, ఆయిల్ తాగుతోంది, చడావు ఎక్కేటప్పుడు గుంజడం లేదు. హెడ్డు, బ్లాకు విప్పితే పిస్టన్ నెత్తి మీద 0.25 అని ఉంది, అంటే ఒకసారి బోరింగ్ (అరిగిన బోరును, అంటే పిస్టన్ ఆడే రంధ్రాన్ని, కోసి పెద్దది చేయడం) అయిపోయిన బ్లాకే. బోరు అరుగుదల చూస్తే ఇప్పుడు 50 సైజుకు పోవాల్సిందే. ఈ ఇంజిన్‌కు కంపెనీ బోరు 50 ఎంఎం. 25 సైజు అంటే 50.25, 50 సైజు అంటే 50.50, అట్లా 75, చివరికి 100 సైజు దాకా. ఒకసారి కోసిన ఇనుము తిరిగి అతకదు కాబట్టి ఒక్కో బోరింగ్‌తో బ్లాకు ఆయుష్షు ఒక మెట్టు తగ్గుతుంది. మోసం చేసేవాళ్ళకు కలిసొస్తున్నది సరిగ్గా ఇక్కడే.

కిట్ వచ్చింది. పిస్టన్, రింగులు, పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్ను, ఆ పిన్ను పక్కకు జారకుండా ఆపే రెండు లాకులు (చిన్న స్ప్రింగు తీగ రింగులు). డబ్బా చూడ్డానికి అసలుదానిలాగే ఉంది, హోలోగ్రామ్ కూడా ఉంది. బ్లాకు, పిస్టన్ రెండూ పట్టుకుని వరంగల్‌లో ఒక లేత్ షాపుకు పోయాను. అక్కడి పెద్దాయన డబ్బా వంక కూడా చూడలేదు. “తమ్మీ, డబ్బా మీద నంబర్ చూసి నేను బోర్ చెయ్య, పిస్టన్ కొలిచే చేస్త” అని మైక్రోమీటర్ తీసిండు. పిస్టన్ పైనుంచి కింది దాకా ఒకే లావు ఉండదు, గుండ్రంగా కూడా ఉండదు, కొంచెం కోడిగుడ్డు ఆకారం. అందుకే స్కర్టు (పిస్టన్ కింది భాగం) కింది అంచుకు సుమారు 10 ఎంఎం పైన, పిన్ను రంధ్రానికి అడ్డంగా కొలవాలి. అట్లా కొలిస్తే 50.22 వచ్చింది. నెత్తి మీద మాత్రం 0.50 అని పంచ్ కొట్టి ఉంది. వెలుతురులో వంచి చూస్తే ఆ అంకెలు మిగతా గుర్తులకంటే లోతుగా, వంకరగా ఉన్నయి. 25 సైజు పిస్టన్ మీద 50 అని కొట్టి అమ్మిండ్రు.

ఆయన నంబర్ నమ్మి 50.50కి కోసి ఉంటే పిస్టన్‌కు, గోడకు మధ్య 0.28 ఖాళీ వచ్చేది. ఈ ఇంజిన్‌లో 0.10 దాటితేనే అరిగిపోయినట్టు లెక్క. రింగుల సంగతి ఇంకా అన్యాయం. బోరు వ్యాసం 0.25 పెరిగితే చుట్టుకొలత దాదాపు 0.78 పెరుగుతుంది, అంతా రింగు గ్యాప్‌లోనే (రింగు రెండు కొనల మధ్య సందు) కనబడుతుంది. 0.20 దగ్గర ఉండాల్సిన గ్యాప్ దాదాపు ఒక మిల్లీమీటర్ అయ్యేది. కొత్త సామాను వేసిన బండి మొదటి రోజే పొగ కొట్టేది, అప్పుడు తప్పు లేత్ షాపుదని, లేదంటే బిగించినవాడిదని అనేవాళ్ళు.

అమ్మినవాళ్ళకు మైక్రోమీటర్ ఫొటోతో సహా పంపాను. వాళ్ళ జవాబు జాగ్రత్తగా చదవండి, మీకూ ఇదే వస్తుంది: “సార్, మీరు ఒకసారి బోరింగ్ చేయించి ఫిట్ చేసి చూడండి, ప్రాబ్లమ్ ఉంటే వీడియో పంపండి.” ఫిట్ చేశాక అది వాడిన సామాను అవుతుంది, వాడిన సామాను రిటర్న్ తీసుకోరు. అందుకే దానికి నేను ఒప్పుకోలేదు, ఫోన్ల మీద ఫోన్లు చేస్తే చివరికి మార్చి ఇంకో కిట్ పంపారు. అది కొలతకు సరిగ్గా ఉంది. పిస్టన్ 50.47. దానికి తగ్గట్టు బోరింగ్, హోనింగ్ (కోసిన గోడను సాపు చేయడం) అయ్యింది, గోడ మీద అడ్డగీతలు చక్కగా పడ్డాయి. రింగులు ఒక్కొక్కటీ బోరులో పెట్టి, పిస్టన్ నెత్తితో లోపలికి సమంగా నెట్టి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూశాను, అంతా బాగుంది. రింగుల మీది గుర్తు పైకి, గ్యాపులు మూడు దిక్కులకు, పిస్టన్ మీది ఐఎన్ గుర్తు కార్బ్యురేటర్ వైపు, లాకు నోరు పిస్టన్ కోత దగ్గరికి రాకుండా. చేతివేళ్ళతో తడిమి మరీ లాకులు గాడిలో కూర్చున్నాయో లేదో చూశాను.

బండి మంచిగ స్టార్ట్ అయ్యింది, పొగ లేదు. కొత్త పిస్టన్ ఇంకా కుదురుకునే దశలో (రన్నింగ్-ఇన్) ఉంది కదా అని నాన్న మెల్లగానే నడిపిండు. కొద్ది రోజులకు పరకాల పోతుంటే గూడెప్పాడ్ దాటాక ఇంజిన్‌లో టకటకమని శబ్దం మొదలై, బండి ఆపేలోపే పట్టేసింది. వెనక చక్రం జారింది. నాన్న క్లచ్ పట్టేసి పక్కకు దింపిండు, వెనక లారీ ఉంది. ఇది రాస్తుంటే కూడా నాకు చేతులు వణుకుతున్నయి.

బ్లాకు లేపి చూస్తే పిన్ను చివర ఉండే వైపు గోడ మీద పైనుంచి కిందికి ఒక గాడి. గోరు పెడితే అక్కడే ఆగిపోతోంది. ఒక లాకు గాడిలోంచి ఊడి, పిస్టన్‌కు బోరుకు మధ్య నలిగి రెండు ముక్కలైంది, ఒక ముక్క కింద ఆయిల్ జాలీ దగ్గర దొరికింది. ఇంకో వైపు లాకు ఇంకా స్థానంలోనే ఉంది. దాన్ని తీసి వేలితో నొక్కితే వంగిపోయి అట్లనే ఉండిపోయింది, స్ప్రింగులా వెనక్కి రాలేదు. బిగించినప్పుడు టక్కుమని కూర్చున్న లాకే అది. వేడి తగిలేసరికి సత్తువ పోయింది. పాత పిస్టన్‌లోంచి తీసిన లాకు, ఏళ్ళ తరబడి అదే వేడిలో ఉన్నది, ఇప్పటికీ బిర్రుగా ఉంది.

లేత్ షాపు పెద్దాయన గాడి లోతు చూసి తల అడ్డంగా ఊపిండు. 50 సైజు నుంచి 100 సైజుకు పోయినా ఒక్కో పక్క కోసేది పావు మిల్లీమీటరే, గాడి అంతకంటే లోతు పోయింది. స్లీవ్ (బ్లాకు లోపలి ఇనుప గొట్టం) కొత్తది వేయించడమా, బ్లాకు మార్చడమా అంటే, నాన్న తిరిగే బండి కాబట్టి డీలర్ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో కొత్త బ్లాకు, పిస్టన్ కలిపి బిల్లుతో తెచ్చి వేశాను. క్రాంక్ దాకా విప్పి ముక్కలు కడగాల్సి వచ్చింది, ఆ పని కూడా కలుపుకుంటే ఆన్‌లైన్‌లో మిగిలిందనుకున్నదానికి ఎన్నో రెట్లు. కిట్ అమ్మినవాళ్ళు చెప్పింది మాత్రం ఒకటే ముక్క: “యూజ్డ్ ప్రొడక్ట్, రిటర్న్ లేదు.”

కాబట్టి ఆర్డర్ పెట్టే ముందే రిటర్న్ గడువు చూసుకోండి, ఆ గడువులోపే లేత్ షాపులో పిస్టన్ కొలిపించండి, కొలత కాగితం మీద రాయించుకుని డబ్బాతో కలిపి ఫొటో తీయండి. పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీయండి. బ్లాకు ముందు ఇచ్చేసి, పిస్టన్ తర్వాత తెస్తా అనొద్దు. పిస్టన్ చూడకుండా కోస్తా అన్న షాపులో అసలు ఇవ్వొద్దు. డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ ఉండాలి, అది ప్యాకెట్ సరుకులకు చట్టంలో ఉన్నదే. వీటిలో ఏది లేకపోయినా వెనక్కి పంపేయండి. హోలోగ్రామ్‌ను నమ్మి ఊరుకోవద్దు, నాకు వచ్చిన రెండు డబ్బాల మీదా ఉంది.

లాకుల గురించి విడిగా చెప్తున్నా. కిట్ ఎక్కడ కొన్నా సరే, అందులో వచ్చిన లాకులు పక్కన పడేసి డీలర్ కౌంటర్‌లో ఒక జత విడిగా కొనండి. మొత్తం పనిలో అన్నిటికంటే చవకైన సామాను అదే, ప్రాణం మీదికి తెచ్చేదీ అదే. మామూలు దుకాణంలో పొట్లంలో కట్టి ఇచ్చేవి తీసుకోకండి.

ఇంకో రకం అమ్మకం కూడా ఇప్పుడు బాగా నడుస్తోంది: “పెద్ద పిస్టన్ వేస్తే పవర్ పెరుగుతుంది” అని కాలేజీ పిల్లలకు అంటగట్టడం. లెక్క చూడండి. ఇదే ఇంజిన్‌కు స్ట్రోక్ 49.5 ఎంఎం. 100 సైజు వేసినా 97.2 సీసీ కాస్తా 101.1 అవుతుంది, అంతే. నాలుగు సీసీకి బండి ఎగరదు. ఓవర్‌సైజ్ పిస్టన్ ఉన్నది అరిగిన బోరును బాగుచేసుకోడానికి. నిజంగానే బాగా పెద్ద పిస్టన్ వేస్తే స్లీవ్ గోడ పల్చబడుతుంది, వేడి పెరుగుతుంది, పైగా ఆర్‌సీలో రాసిన సీసీకి, బండిలో ఉన్నదానికి పొంతన ఉండదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అట్లాంటి మార్పు ఒప్పుకోదు, యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట వెతికేది ఇట్లాంటివే. కేటీఎం 390 డ్యూక్ లాంటి వాటిలో బోరుకు నికాసిల్ అనే గట్టి పూత ఉంటుంది, యమహా ఆర్15లో ఇనుప స్లీవే లేని, డయాసిల్ అనే రకం అల్యూమినియం బ్లాకు. వాటికి మామూలు లేత్ షాపులో బోరింగ్ కుదరదు, చేస్తా అన్నా ఇవ్వకండి. వాటికీ ఓవర్‌సైజ్ కిట్లు అమ్మకానికి పెట్టేవాళ్ళున్నారు.

కొనేసి ఇరుక్కున్నవాళ్ళకు: 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నియమాల ప్రకారం లోపం ఉన్నవి, నకిలీవి, చెప్పినట్టు లేనివి వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించడానికి వీల్లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు, 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. నేను 1915లో ఫిర్యాదు ఇచ్చాను, విరిగిన లాకు, గాడి పడ్డ బ్లాకు, రెండు డబ్బాలు, లేత్ షాపు కొలత కాగితం అన్నీ కవర్లో కట్టి పెట్టాను. వీటిని చెత్తలో వేస్తే చేతిలో ఏమీ మిగలదు.

25 మీద 50 పంచ్ కొట్టిన పిస్టన్ మీకూ వచ్చి ఉంటే, బోరింగ్ చేయించకుండా కొలత, డబ్బా లేబుల్ ఫొటోలు పెట్టండి. ఎంతమంది కలిస్తే ఫిర్యాదు అంత గట్టిగా నిలబడుతుంది. వరంగల్, హన్మకొండ, పరకాల, నర్సంపేట వైపు వాళ్ళకు పిస్టన్ ఎట్లా కొలిపించాలో అర్థం కాకపోతే అడగండి, దగ్గరుండి చూపిస్తా.