అల్యూమినియం సర్వో ఆర్మ్ బిగుతుగుంటే స్క్రూతో గుంజకండి, నా సర్వో పాయె

నల్లగొండ, పాలమూరు దిక్కు ఆర్‌సీ క్రాలర్లు, అంటే రిమోట్‌తో రాళ్ల మీద ఎక్కించే చిన్న బండ్లు, నడిపే అన్నలకు, తమ్ముళ్లకు ముందే చెప్తున్న. సర్వో అంటే బండి స్టీరింగ్ తిప్పే చిన్న మోటర్ డబ్బా, దాని పళ్ల షాఫ్ట్ మీద కూసునే చిన్న చెయ్యే ఆర్మ్. ఆన్‌లైన్‌ల ఎర్ర రంగు అల్యూమినియం సర్వో ఆర్మ్‌లు రెండు కలిపి 349 రూపాయలకు వస్తున్నయి. అమ్మేటోళ్ల పేరు పెట్టను. అదే సరుకు నాలుగైదు పేర్ల మీద కనవడుతున్నది. "25టీ, అన్ని స్టాండర్డ్ సర్వోలకు సెట్ అయితది" అని రాసుంటది. 25టీ అంటే 25 పళ్లు. నమ్మి కొన్న, 1,450 పెట్టి తెచ్చిన, 20 కిలోల తిప్పుడు బలమున్న సర్వో పోగొట్టుకున్న.

లతీఫ్‌సాబ్ గుట్ట దగ్గరి రాళ్ల మీద స్టీరింగ్ తిప్పినప్పుడల్లా నా బండి ప్లాస్టిక్ ఆర్మ్ వంగుతుండె. అందుకే మెటల్‌ది తెప్పించిన. షాఫ్ట్ మీద పెడితే పళ్లల్ల పళ్లు కూసున్నయి గానీ ఒక్క మిల్లీమీటర్ దిగి ఆగింది. బొటనవేలితో ఎంత నొక్కినా కదల్లే. కొత్తది కదా, బిగుతుగుంటే మంచిదే అనుకున్న. నా తెలివి అక్కడ్నే తెల్లారింది. ఎం3 స్క్రూ పెట్టి అలెన్ కీతో తిప్పుతుంటే కిర్రుకిర్రుమనుకుంట దిగుతున్నది, నేనేమో సంబురపడుతున్న. మొత్తానికి కూసున్నది. స్క్రూ ఇప్పి చూస్తే మరల మధ్య మెరిసే పొట్టు. షాఫ్ట్ లోపలి మర అరిగినట్టే.

అంతటితో అయిపోతే బాగుండు. ఆర్మ్ సెంటర్‌కు లేదు, ఒక పన్ను పక్కకున్నది. 25 పళ్లంటే ఒక్కో పన్నుకు 14.4 డిగ్రీలు. అందుకే సెంటర్ కుదిరేదాక రెండు మూడుసార్లు తీసి పెట్టుడు మామూలే. ప్లాస్టిక్‌దైతే చేత్తోనే ఊడొస్తది. ఇది రాలే. రెండు పేచ్‌కస్‌లు అటొకటి ఇటొకటి దూర్చి లేపిన. టక్కుమన్నది. ఆర్మ్‌తోటి షాఫ్ట్ కూడ జర పైకొచ్చింది. బ్యాటరీ పెట్టంగనే సర్వో ఒక పక్కకు ఉరికి, అంచుకు తగిలి గుయ్యిమని మోగుడే మోగుడు. వైరు పీకేసరికే డబ్బా వేడెక్కి చెయ్యి పెట్టనియ్యలే.

కింద నాలుగు స్క్రూలు ఇప్పి చూసిన. చివరి గేరు కిందనే చిన్న పొటెన్షియోమీటర్ ఉంటది. షాఫ్ట్ ఏ కోణంల ఉన్నదో సర్క్యూట్‌కు చెప్పేది అదే. పేచ్‌కస్‌తో లేపినప్పుడు దాని పట్టు తప్పింది. అది తప్పు చెప్తుంటే మోటర్ ఆగమంటే ఎట్లాగుతది? పాలమూరు దోస్తు ఒకాయన ఇదే ప్యాకెట్ కొని సన్న సుత్తెతో నాలుగు దెబ్బలు వేసిండట. నాది పైకి లేచి పోయింది, ఆయనది కిందికి దిగి పోయింది.

మొదలు పళ్ల లెక్క తప్పేమో అనుకున్న. సర్వో కంపెనీల్ల ఫుటబాకు 25, హైటెక్‌కు 24, సాన్వా, జేఆర్‌లకు 23. 24ది 25 మీద కొంచెం పట్టినట్టే అనిపిస్తది, బలవంతం చేస్తే రెండింటి పళ్లూ పోతయి. ఒక పన్నుకు మార్కర్ పెట్టి, ఫోన్ కెమెరా జూమ్ చేసి రెండుసార్లు లెక్కపెట్టిన. 25 ఉన్నయి! మరి ఎందుకు దిగలే? పళ్ల సందుల్ల కూడ ఎర్ర రంగు ఉన్నది. అల్యూమినియంకు రంగు పట్టేటట్టు అనోడైజింగ్ చేస్తే పైన గట్టి పొర కడుతది, అది కొంత బయటికి పెరుగుతది, రంధ్రం ఆ మేరకు ఇరుకైతది. పళ్లు కోసినోళ్లు ఆ జాగ వదలనట్టున్నది.

హెయిర్ డ్రయర్‌తో వేడి చెయ్యమని ఒకాయన సలహా. లెక్కేసిన: 6 మిల్లీమీటర్ల రంధ్రం 60 డిగ్రీలు ఎక్కువ వేడెక్కినా పెరిగేది 8 మైక్రాన్లు. వెంట్రుక మందంల పదో వంతు. ఆ సందుల ఇది దిగదు.

వాపస్ అడిగితే "గీతలు పడ్డయి, వాడిన సరుకు" అన్నరు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసిన. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020ల వచ్చిన రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటలల్ల వాళ్లు చెప్పాలె. ఆ మాట రాసి మెయిల్ పెట్టినంక ఆర్మ్‌ల పైసలొచ్చినయి. సర్వో పైసలు మాత్రం ఎవరిస్తరు?

ఇప్పటికే తెప్పించినోళ్లుంటే, ముందు సర్వోతో వచ్చిన ప్లాస్టిక్ ఆర్మ్ పెట్టి చూడండి. అది సాఫుగ దిగితే సర్వో మంచిదే, తేడా కొత్తదాంట్లనే. చేత్తో నొక్కితే దిగకపోతే స్క్రూ ముట్టకండి, గీత పడకముందే వీడియో తీసి వాపస్ పంపండి. మెటల్‌దే కావాలంటే పక్కకు చీలిక ఉండి, చిన్న బోల్టుతో బిగించే రకం చూడండి. బోల్టు వదులు చేస్తే అదే లేస్తది, పేచ్‌కస్ పని పడదు. నేనైతే ఈసారి హైదరాబాద్ పోతే కోఠి గుజరాతీ గల్లీల అడుగుత, సర్వో జేబుల వేసుకొని పోయి కౌంటర్ మీదనే పెట్టి చూసి కొంట.