మూడు వేల రూపాయల్లో ఇంటి ముంగిట క్రిస్మస్: విజయవాడ వన్‌టౌన్ సరుకుపై సమీక్ష

డిసెంబరు మొదలవుతూనే కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో క్రైస్తవ కుటుంబాల ఇళ్ల ముందు స్టార్లు వెలుగుతాయి. సెమీ క్రిస్మస్ కూడికలకు వచ్చే బంధువులు, రాత్రిపూట ఇంటింటికీ తిరిగే క్యారల్స్ బృందాలు, వీధిలో వెళ్లే ఇరుగుపొరుగు అందరూ ముందుగా చూసేది ఇంటి ముఖభాగాన్నే కనుక, మామూలు సంపాదన ఉన్న కుటుంబాలు కూడా లోపలి అలంకరణ కంటే వసారా, పిట్టగోడ, గేటు మీదే ఎక్కువ శ్రద్ధ పెడతాయి. మూడు వేల రూపాయలు దాటకూడదని ముందే అనుకొని విజయవాడ వన్‌టౌన్ సందుల్లోనూ బీసెంట్ రోడ్డు కాలిబాట మీదా మేము కొన్న సరుకులో ఏది పెట్టిన డబ్బుకు తగినట్లుగా ఉన్నదో, ఏది లేదో ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ రెండు చోట్లకూ తేడా ఉంది. బీసెంట్ రోడ్డులో సాయంత్రం వేళ స్టార్లన్నీ వెలిగించి వేలాడదీస్తారు కాబట్టి రంగు, వెలుగు కళ్లతో చూసి ఎంచుకోవచ్చు. అయితే బేరమాడడానికి ఓపిక కావాలి. వన్‌టౌన్‌లో సరుకు అట్టపెట్టెల్లోనే ఉంటుంది, ధర తక్కువ, నాలుగైదు కలిపి తీసుకుంటే ఇంకొంత తగ్గిస్తారు. అక్కడి దుకాణదారు ఒకాయన ప్రతి సీరియల్ సెట్టునూ ప్లగ్గులో పెట్టి చూపించి, "ఇక్కడే వెలిగించి చూసుకోండమ్మా, గడప దాటాక వాపసు ఉండదు" అని ముందే చెప్పారు. మరో దుకాణంలో పెట్టె విప్పడానికే ఒప్పుకోలేదు. అలాంటి చోట ధర ఎంత తగ్గించినా కొనకపోవడమే మేలు.

మా అలంకరణలో అన్నిటికంటే ముఖ్యమైన వస్తువు స్టార్. కాగితం స్టార్లు, మడిచి పెట్టుకోగలిగే ప్లాస్టిక్ స్టార్లు, అంచుల వెంట ఎల్ఈడీలు పొదిగిన స్టార్లు అని మూడు రకాలు దొరుకుతున్నాయి. అందంలో చిల్లులు పెట్టిన కాగితం స్టార్‌కు సాటి లేదు. లోపలి బల్బు కాంతి ఆ చిల్లుల్లోంచి గోడ మీద పడి, వసారా అంతా చుక్కలు పరచినట్లు కనిపిస్తుంది. కానీ మన కోస్తాలో డిసెంబరు నెలను నమ్మడానికి లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, నెల మొదట్లోనే కట్టిన కాగితం స్టార్లు చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో తడిసి ఊడిపోయాయి. తుపాను లేని సంవత్సరమైనా తెల్లవారుజామున కురిసే మంచుకు కాగితం మెత్తబడి, అంటించిన అంచులు విడిపోతాయి. అందువల్ల ఎండా వానా తగలని వసారా కప్పు కింద కట్టేవారికి కాగితం స్టార్‌ను, డాబా మీదో గేటు పక్కనో కట్టేవారికి ప్లాస్టిక్ స్టార్‌ను సిఫారసు చేస్తాను. మేము 280 రూపాయలకు తీసుకున్న ప్లాస్టిక్ స్టార్ నెలంతా బయటే ఉన్నా రంగు వెలవలేదు. మడత పడే చోట్ల మాత్రం సన్నని తెల్లగీతలు పడ్డాయి. అంచుల ఎల్ఈడీల స్టార్ ధర దీనికి మూడింతలు పైగా ఉంది, పైగా ఒక భాగం ఆరిపోతే దాన్ని బాగుచేసేవారు దొరకరు కాబట్టి దాన్ని వదిలేశాము.

స్టార్ లోపల పెట్టే బల్బు విషయంలో ఇప్పటికీ కొందరు పాత అరవై వాట్ల బల్బు వాడుతున్నారు. దాని వేడికి కాగితం కమిలిపోతుంది, ప్లాస్టిక్ సాగిపోతుంది. ఏడు వాట్ల ఎల్ఈడీ బల్బు వెలుగు స్టార్‌కు ధారాళంగా సరిపోతుంది. హోల్డరుతో కలిపి దానికి 170 రూపాయలు అయ్యాయి.

పొదుపు చేయకూడని చోటు ఒక్కటే ఉంది, అది వైరు. స్టార్‌తో పాటు ఇచ్చే సన్నని వైరు రెండు మూడు అడుగులకు మించి ఉండదు. దానికి ముక్కలు అతికి డాబా దాకా లాగితే ప్రతి అతుకూ ఒక ప్రమాదమే. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరును కావలసిన పొడవు ఒకే ముక్కగా తీసుకుని, ప్లగ్గు, టేపుతో సహా 450 రూపాయలు పెట్టాము. ఈ మొత్తం జాబితాలో నేను నిస్సంకోచంగా సమర్థించే ఖర్చు ఇదే. హోల్డరులోకి వెళ్లే ముందు వైరును కొంచెం కిందికి వంచి మళ్లీ పైకి తీసుకువెళితే వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోయి హోల్డరు లోపలికి చేరదు. మీటరు దగ్గర ఎంసీబీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ఎంసీబీ పని షార్ట్ సర్క్యూట్ నుంచి, అధిక లోడు నుంచి వైరింగును కాపాడటం. మనిషికి షాక్ తగిలినప్పుడు వెంటనే కరెంటు తెంచేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్. అది లేని ఇళ్లలో ఇనుప గేటుకూ గ్రిల్లుకూ సీరియల్ లైట్లు చుట్టకపోవడం మంచిది.

ఈ హెచ్చరికకు కారణం సీరియల్ లైట్ల నిర్మాణంలోనే ఉంది. వందా రెండు వందలకు దొరికే సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఇంటికి వచ్చే 230 వోల్టుల కరెంటే చిన్న ప్లాస్టిక్ డబ్బా గుండా నేరుగా ఎల్ఈడీల వరుసల్లోకి వెళుతుంది. ఒక్కొక్క ఎల్ఈడీకి కావలసింది రెండు మూడు వోల్టులే అయినా, వాటిని వరుసగా కలిపి ఉంచడం వల్ల తీగ పైపొర ఊడిన చోట చెయ్యి తగిలితే పూర్తి షాక్ తగులుతుంది. ఒక ఎల్ఈడీ పోతే ఆ వరుస మొత్తం ఆరిపోయి, మిగతా ముక్క వెలుగుతూ ఉండటానికీ ఈ అమరికే కారణం. మేము 160 రూపాయల చొప్పున నాలుగు సెట్లు కొన్నాము. పెట్టె మీద రాసిన పొడవులో ప్లగ్గు దగ్గరి ఖాళీ తీగ కూడా కలిసే ఉంటుంది గనుక, గోడ కొలతకు సరిగ్గా సరిపోయేలా కాక కొంత ఎక్కువే తీసుకోవాలి. బయట వాడేవాటికి పెట్టె మీద ఐపీ44 అని గాని ఐపీ65 అని గాని ఉందేమో చూడండి. మొదటిది తుంపరలను తట్టుకుంటుంది, రెండవది నీటి ధారను కూడా తట్టుకుంటుంది. చవక సెట్ల మీద ఈ గుర్తులు దాదాపుగా కనిపించవు. అందుకే మేము వాటిని సన్‌షేడ్ కింద, చేతికి అందని ఎత్తులో మాత్రమే కట్టాము.

ఆ ప్లాస్టిక్ డబ్బా మీది మీట నొక్కితే ఎనిమిది రకాలుగా మిణుకుతాయని అమ్మేవారు గొప్పగా చెబుతారు. నా అభిప్రాయంలో మిణుకుమనకుండా నిలకడగా వెలిగే పసుపు కాంతే ఇంటికి నిండుదనం ఇస్తుంది. అయిదారు రంగులు కలిపి ఇల్లంతా చుట్టడం కంటే, ఒకే రంగు తీగను సన్‌షేడ్ కింద తిన్నగా కట్టి, దాని మధ్యన స్టార్ వేలాడదీస్తే తక్కువ సెట్లతోనే ఇల్లు దూరం నుంచి తీర్చిదిద్దినట్లు కనిపిస్తుంది.

పిల్లలకు అందే ఎత్తులో, కుండీల మీద చుట్టడానికి 120 రూపాయల చొప్పున రెండు సన్నని రాగి తీగ లైట్లు తీసుకున్నాము. ఇవి అయిదు వోల్టులతో పనిచేస్తాయి గనుక భయం లేదు. బ్యాటరీలతో వెలిగేవి రెండు మూడు రాత్రులకే మసకబారుతున్నాయి. ఫోను ఛార్జరుకు తగిలించే రకం అడిగి తీసుకోండి.

పచ్చదనానికి మాత్రం బజారు మీద ఆధారపడనక్కరలేదు. ప్లాస్టిక్ దండలు, గుమ్మానికి తగిలించే చక్రాలు మూడు వందల నుంచి మొదలవుతున్నాయి. దగ్గరగా చూస్తే ఆకులు రేకుల్లా వెలవెలబోతున్నాయి, దుమ్ము పట్టితే కడగడం కష్టం. మన తీరప్రాంతంలో ఎప్పటినుంచో సరుగుడు కొమ్మనే క్రిస్మస్ చెట్టుగా నిలబెడుతున్నారు. ఆ సన్నని ఆకు మీద పత్తి తునకలు అంటించినా, రంగు కాగితం చుక్కలు కట్టినా ఎంతో సహజంగా ఉంటుంది. మేము నర్సరీలో 350 రూపాయలకు, క్రిస్మస్ చెట్టు ఆకారంలో పెరిగే ఒక అరకేరియా మొక్క తెచ్చి గుమ్మం పక్కన పెట్టాము. కుండీలో ఉన్న మొక్క పండుగ తరవాత కూడా పెరుగుతుంది కాబట్టి ఈ ఖర్చు ఒక్క ఏటితో పోదు. గుమ్మానికి మామిడి తోరణం, వాకిట్లో స్టార్ ముగ్గు ఖర్చు లేకుండానే సమకూరాయి.

యేసు పుట్టుకను చూపే పశువుల పాకకు కావలసిన బొమ్మల సెట్టు 800 రూపాయలకు వచ్చింది. ఇవి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ బొమ్మలు. చిన్న సైజు సెట్టులో మరియమ్మ ముఖం మీద రంగు పక్కకు జారి ఉండటం గమనించి, దుకాణంలోనే మరొకటి మార్చి తీసుకోవలసి వచ్చింది. ముఖాలన్నీ ఒక్కొక్కటిగా పరిశీలించి తీసుకోండి. మంచుకు ప్లాస్టర్ పొడిలా రాలిపోతుంది గనుక పాకను వసారా లోపలే అమర్చాలి. పాక కోసం అమ్మే చెక్క గూడు కొనలేదు. డెల్టాలో వరి కోతలు సాగే కాలం గనుక ఎండుగడ్డికి కొరత లేదు, వెదురు బద్దలతో చట్రం కట్టి దాని మీద గడ్డి కప్పితే పాక సిద్ధమవుతుంది. పండుగకు పది రోజుల ముందు పళ్లెంలో మట్టి పోసి రాగులు, ఆవాలు చల్లి రోజూ నీళ్లు చిలకరిస్తే, క్రిస్మస్ నాటికి పాక ముందు లేత పచ్చిక లేచి నిలుస్తుంది. కొనుగోలు చేసిన ఏ వస్తువును చూసినా నాకు ఇంత సంతోషం కలగలేదు.

మొత్తం 2,930 రూపాయలు అయ్యాయి. స్టార్, లైట్లు అన్నీ కలిపి ముప్పై అయిదు వాట్లకు మించవు కాబట్టి, రోజుకు ఆరు గంటల చొప్పున నెలంతా వెలిగినా ఆరేడు యూనిట్ల కరెంటే ఖర్చవుతుంది. పాత అరవై వాట్ల బల్బు ఒక్కటే దాదాపు పదకొండు యూనిట్లు కాల్చేది.

క్రిస్మస్ రోజులు ముగిసే జనవరి 6 తరవాత విప్పేటప్పుడు సీరియల్ తీగలను ఉండలా చుట్టి సంచిలో కుక్కితే లోపలి సన్నని రాగి పోగులు తెగిపోతాయి. ఒక అట్టముక్కకు వదులుగా చుట్టి, చివర ప్లగ్గు బయటికి ఉండేలా పెట్టుకోవాలి. వచ్చే ఏడాది కొత్తగా సెట్లు కొనదలచినవారు నవంబరు చివరి వారంలో, పగటిపూట వన్‌టౌన్‌కు వెళ్లండి. అప్పటికి సరుకు దిగి ఉంటుంది, రద్దీ ఉండదు, ప్రతి సెట్టునూ వెలిగించి చూపించే తీరిక దుకాణదారుకూ ఉంటుంది.