వాట్సాప్ స్టేటస్సా, ఇన్‌స్టా రీలా? ఇంటి వ్యాపారానికి ఏది మేలు?

పోయిన ఏడాది నేను పెట్టిన ఒక రీల్‌కి లక్షా ఎనభై వేల వ్యూస్ వచ్చాయి. చిలకాకుపచ్చ మంగళగిరి చీర, నిజాం బోర్డర్, మా డాబా మీద గాలికి ఎగురుతున్న పదిహేను సెకన్ల వీడియో. వారం రోజులు ఫోన్ కింద పెట్టనివ్వలేదు. తీరా లెక్క చూసుకుంటే దానివల్ల అమ్ముడైనవి రెండు చీరలు. అదే నెలలో రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఫొటోలు నూట నలభై మంది కూడా చూడలేదు. వాటి మీద పదకొండు చీరలు వెళ్లాయి.

ఈ లెక్క చెప్పగానే మా పిన్ని కూతురు "అయితే ఇన్‌స్టా దండగేనా అక్కా?" అంది. విజయవాడ భవానీపురంలో ఇంట్లోనే కారప్పొడులు, సున్నుండలు చేసి అమ్ముదామని దాని ఆలోచన. దండగ అని నేననను. ఆ రెండు చీరల్లో ఒకటి కొన్నావిడ డాలస్‌లో ఉంటారు. గుంటూరు బ్రాడీపేటలో నా గదిలో కూర్చుని జన్మలో ఆవిణ్ణి పట్టుకోగలిగేదాన్ని కాదు. ఇప్పుడావిడ నంబర్ నా వాట్సాప్‌లో ఉంది, ఇప్పటికి ఆరుసార్లు కొన్నారు. మొదటిసారి పరిచయం చేసింది ఇన్‌స్టా, మిగతా ఐదుసార్లు అమ్మిపెట్టింది వాట్సాప్. ఏది మేలని అడిగినప్పుడల్లా నాకు ఈవిడే గుర్తొస్తారు.

వాట్సాప్ సంగతి ముందు చెప్తాను. మామూలుది కాదు, వ్యాపారానికి విడిగా ఉండే వాట్సాప్ బిజినెస్ యాప్. అదీ ఫ్రీనే. వేరే సిమ్ వేసుకుని పెట్టుకోండి, లేకపోతే పెళ్లి ఫొటోల మధ్య ఆర్డర్లు కొట్టుకుపోతాయి. అందులో కేటలాగ్ పెట్టుకోవచ్చు. ఒక్కో కస్టమర్‌కి లేబుల్ తగిలించవచ్చు. నావి మూడే లేబుల్స్: "డబ్బు రావాలి", "పంపాలి", "మళ్లీ అడగాలి". మూడోదే నాకు అన్నం పెడుతోంది. "ఇప్పుడు కాదండీ, శ్రావణమాసంలో చూద్దాం" అన్నవాళ్లందరూ అందులో ఉంటారు.

కొత్తవాళ్లు చాలామంది బోల్తా పడేది బ్రాడ్‌కాస్ట్ దగ్గర, అంటే ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా ఒకేసారి పంపడం. ఒక లిస్టులో 256 మందినే పెట్టగలం, అదికూడా మన నంబర్ తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ వెళ్తుంది. ఆ సంగతి తెలియక మూడు నెలలు పంపుతూ, "ఎవరూ పలకరేంటి" అని నాలో నేనే కుమిలిపోయాను. ఇప్పుడు ప్రతి పార్సిల్‌లో ఒక చీటీ పెడుతున్నాను, "నా నంబర్ సేవ్ చేసుకుంటేనే కొత్త చీరలు మీకు కనపడతాయి" అని. ముక్కూ మొహం తెలియని వాళ్ల నంబర్లు ఎక్కడో కొని మెసేజ్‌లు కుమ్మరించే పని మాత్రం వద్దు. వాళ్లు రిపోర్ట్ కొడితే మన నంబరే బ్లాక్ అవుతుంది, దాంతోపాటు ఉన్న కస్టమర్లూ పోతారు. గ్రూపులు నాకు పడవు. ఒకావిడ "నాకు అంచు ఊడింది" అంటే చాలు, ఆ రోజుకి బేరం బంద్. పైగా అందరి నంబర్లూ అందరికీ కనపడతాయి.

ఇంకో జాగ్రత్త. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ వస్తే దాన్ని నమ్మకండి, అకౌంట్‌లో పడిందో లేదో చూసుకోండి. రెండు వేల ఎనిమిది వందలు పెట్టి నేర్చుకున్న పాఠం ఇది.

వాట్సాప్‌కున్న అసలు లోటు ఒక్కటే. ఉన్నవాళ్లకే అమ్మగలం, కొత్తవాళ్లు దాంట్లో పుట్టరు. మొదటి ఆరునెలలు మా అపార్ట్‌మెంట్, అమ్మవాళ్ల వీధి, మా ఆయన ఆఫీసు వాళ్లు కొన్నారు. తర్వాత ఆగిపోయింది. ఒకే మనిషి ఏడాదికి ఎన్ని చీరలు కొంటుంది?

అప్పుడు ఎక్కాను ఇన్‌స్టా. 2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్‌ని ఆపేశారు, జూలైలోనే ఇన్‌స్టా వాళ్లు రీల్స్ తెచ్చారు. అప్పటినుంచి మనల్ని ఫాలో కాని వాళ్ల ముందుకి కూడా మన వీడియో వెళ్తోంది. వాట్సాప్‌లో లేనిదల్లా అదే. నా రీల్స్ చూసేవాళ్లలో మొదట హైదరాబాద్, తర్వాత బెంగళూరు, ఆ తర్వాతే గుంటూరు. ఈ వివరం బిజినెస్ అకౌంట్‌లో ఇన్‌సైట్స్ నొక్కితే కనపడుతుంది. ఉదయం ఏడింటికి పెడితే డాలస్‌లో ముందురోజు రాత్రి, భోజనాలయ్యి ఫోన్ పట్టుకునే టైమ్. అందుకే బయటిదేశాల వాళ్ల కోసం పొద్దున, ఊళ్లోవాళ్ల కోసం రాత్రి.

కానీ చాకిరీ ఉంది చూశారూ, అది ఎవరూ చెప్పరు. స్టేటస్‌కి ఐదు నిమిషాలు. రీల్‌కి నాకు గంటన్నర. బిజినెస్ అకౌంట్‌కి మారగానే సినిమా పాటలు చాలావరకు వాడుకోనివ్వదు. మొదట ఏడుపొచ్చింది, తర్వాత అదే మేలైంది. మంగళగిరిలో నేను చీరలు తెచ్చే ఇంట్లో గుంట మగ్గం చప్పుడు రికార్డ్ చేసి వెనక పెట్టాను. "ఇది నిజంగా మగ్గం మీద నేసిందేనా" అని అడిగేవాళ్లు అప్పటినుంచి తగ్గారు.

రంగుల గొడవ ఇంకా పెద్దది. రాణి పింక్ చీర ట్యూబ్‌లైట్ కింద తీస్తే వీడియోలో వంకాయ రంగులో పడింది. హన్మకొండ నుంచి ఒకావిడ పార్సిల్ విప్పి "నేనడిగింది ఇది కాదండీ" అని ఫోన్ చేశారు. ఆవిడ తప్పేం లేదు. రానూపోనూ కొరియర్ ఖర్చు నాదే. అప్పటినుంచి పొద్దున ఎనిమిదికీ పదికీ మధ్య, వరండాలో, నేరుగా ఎండ పడనిచోట తెల్ల దుప్పటి పరిచి తీస్తాను. రంగు పేరు కూడా నోటితో చెప్తాను: కనకాంబరం, నెమలికంఠం, పసుపుకొమ్ము. కెమెరా మోసం చేసినా మాట చేయదు.

బూస్ట్ చేయమంటారా, అంటే ఇన్‌స్టాకి డబ్బు కట్టి రీల్‌ని ఎక్కువమందికి చూపించమంటారా అని అడుగుతుంటారు. ఐదొందలతో మొదలుపెట్టి చూడండి, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. నేను మొదటిసారి ఎవరికి చూపించాలో చెప్పకుండా వదిలేస్తే, చీర వీడియోకి లైకులు కొట్టినవాళ్లంతా ఇరవై ఏళ్ల కుర్రాళ్లే! తర్వాత ఆడవాళ్లు, ఫలానా వయసు, గుంటూరు, విజయవాడ అని కుదించాక కాస్త పలికింది. అయినా నా దృష్టిలో, డబ్బు పెట్టకుండానే బాగా ఆడిన రీల్ మీదే బూస్ట్ పెట్టాలి. ఆడనిదాన్ని డబ్బుతో లేపలేం.

ఫేస్‌బుక్‌లో నాకు యాభై దాటిన ఆడవాళ్లు తగులుతారు, బేరం తక్కువ ఆడతారు. రీల్‌ని అక్కడ కూడా వేసి వదిలేస్తాను. యూట్యూబ్‌లో పెట్టిన వీడియో ఏడాది తర్వాత కూడా వెతుక్కుని చూస్తారు, కానీ అంత ఓపిక నాకు లేదు.

ఇక్కడే ఒక మాట. అందరి వ్యాపారం నాలాంటిది కాదు. మా బాబాయ్‌ది విజయవాడ పటమటలో టిఫిన్ సెంటర్. ఆయన పిల్లలు పట్టుబట్టి ఒక ఫుడ్ వ్లాగర్‌ని పిలిపించారు. వీడియో బ్రహ్మాండంగా వెళ్లింది. మూడు రోజులు జనం రోడ్డు మీద దాకా నిలబడ్డారు, ఎనిమిదింటికల్లా పిండి అయిపోయింది. రోజూ ఏడింటికి వచ్చే రిటైర్డ్ మాస్టార్లు పక్క సెంటర్‌కి వెళ్లారు. నాలుగో రోజు కొత్త జనం లేరు, పాతవాళ్లలో సగం మంది రాలేదు. "నా ఇడ్లీ పాత్ర సైజు పెరగలేదురా, జనం పెరిగితే ఏం లాభం" అంటాడాయన. పైగా డబ్బు తీసుకునో ఊరికే తినో పొగిడితే ఆ సంగతి వీడియోలో చెప్పాలని కేంద్రం 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ వ్లాగర్ చెప్పలేదు.

బాబాయ్‌కి అసలు పనికొచ్చింది గూగుల్ మ్యాప్స్. సోషల్ మీడియా అనలేం గానీ, కొట్టు ఉన్నవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. షాపు పేరు, టైమింగ్స్, నాలుగు ఫొటోలు పెట్టడానికి పైసా ఖర్చు లేదు. దసరాకి దుర్గమ్మ దర్శనానికి వచ్చినవాళ్లు దగ్గర్లో టిఫిన్ ఎక్కడని ఫోన్‌లోనే వెతుకుతారు. రివ్యూ రాస్తే కాఫీ ఫ్రీ అని మాత్రం బోర్డు పెట్టకండి, గూగుల్ ఒప్పుకోదు.

మరి మా చెల్లెలికి ఏం చెప్పానంటే, మొదటి మూడు నెలలు వాట్సాప్ ఒక్కటే పెట్టుకో అన్నాను. పొడులు అయిపోగానే మళ్లీ కొనే సరుకు, చీరల్లా కాదు. యాభై ఇళ్లు పట్టుకుంటే నెలనెలా తిరుగుతుంది. తర్వాత వారానికి ఒక్క రీల్ చాలు. ఎండుమిరపకాయలు మూకుట్లో వేగుతుంటే ఆ చప్పుడు వినిపించు, రోట్లో వెల్లుల్లి దంచడం చూపించు. తినే వస్తువు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకుని ఆ 14 అంకెల నంబర్ ప్యాకెట్ మీద వేయించు. బయటివాళ్లు కొనేముందు అదే అడుగుతారు.

నిన్న రాత్రి మొదటి స్టేటస్ పెట్టింది. నల్లకారం ఫొటో చక్కగా వచ్చింది. ధర మాత్రం లేదు. ఫోన్ చేసి "రేటు వేయలేదేంటే?" అన్నాను.

"ఇన్‌స్టాలో అందరూ ప్రైస్ డీఎం అంటారుగా అక్కా, రేటు కావాలంటే విడిగా మెసేజ్ చేయమని!"

"వాళ్లు కామెంట్లు పెరగడానికి ఆ తంటాలు పడతారు. ఇక్కడ చూసేది మీ ఎదురింటి ఆంటీ. ఆవిడకి అడగడం మొహమాటం. అడక్కుండా పక్కకి జరిపేస్తుంది."

తీసేసి మళ్లీ పెట్టింది, పావుకిలో రేటు వేసి. పది నిమిషాల్లో ఎదురింటి ఆంటీయే మొదటి మెసేజ్ చేసిందట, "అరకిలో తీసుకుంటే ఎంతకిస్తావమ్మా?" అని.