రెండేళ్లు వాడిన తరువాత 8×42 దుర్భిణి గురించి

ఒంటరిగా ఉంటున్న అరవై నాలుగేళ్ల మనిషి డబ్బు పెట్టి కొనుక్కోదగిన వస్తువేనా అన్న ప్రశ్న ఒక్కటే మనసులో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణాల్లో దీన్ని బైనాక్యులర్స్ అంటే తప్ప ఎవరికీ అర్థం కాదు గానీ, మా నాన్నగారు దుర్భిణి అనేవారు కాబట్టి నాకు ఆ మాటే అలవాటు. తయారు చేసిన సంస్థ పేరు కావాలనే చెప్పడం లేదు. ఇదే కొలతలో, ఇంచుమించు ఇదే ధరలో చాలా సంస్థల సరుకు దొరుకుతుంది. సంస్థకూ సంస్థకూ ఉన్న తేడా కంటే కొలతకూ కొలతకూ ఉన్న తేడాయే ఎక్కువని రెండేళ్ల వాడకంలో నాకు తెలిసింది.

మావారు పోయి ఈ కార్తీకానికి మూడేళ్లు నిండుతాయి. మొదటి ఏడాది మాసికాలతోనూ, పెన్షన్ మార్పిడి, బ్యాంకు ఖాతాలు, గ్యాస్ కనెక్షన్ వంటి కాగితాల పనితోనూ గడిచిపోయింది. సంవత్సరీకం పెట్టేసిన మర్నాటి నుంచి నా కోసం కాచుకుని ఉన్న పని ఒక్కటీ లేకుండా పోయింది. పగలు ఎలాగో గడిచేది కానీ, తెల్లవారుజామున అయిదింటి నుంచి ఏడింటి వరకు మాత్రం గడియారం కదిలేది కాదు. ముప్పై అయిదేళ్ల పాటు ఆ రెండు గంటలూ మేమిద్దరం కాఫీ గ్లాసులతో బాల్కనీలో కూర్చున్నాం. వానాకాలంలో ఆయన పేపరు తెరవగానే మొదట గండిపేట నీటిమట్టం చదివి, నిండుమట్టమైన 1790 అడుగులకు ఇంకా ఎంత తక్కువ ఉందో లెక్క కట్టి చెప్పేవారు. ఆ లెక్కతో మా ఇద్దరికీ ఏ అవసరమూ లేదు. అయినా అది వినకుండా నేను వంటింట్లోకి లేచి వెళ్లిన రోజు గుర్తు లేదు.

మేముండేది హైదరాబాదు నిజాంపేటలో, మూడో అంతస్తులో. బాల్కనీ ఎదురుగా ఏదో కోర్టు తగాదా వల్ల ఇళ్లు లేవని ఖాళీ స్థలం, అందులో నాలుగు తుమ్మచెట్లు, వాన పడితే నిలిచే మడుగు ఒకటి ఉన్నాయి. ఆ తుమ్మల మీద వాలే పిట్టలను కాస్త దగ్గరగా చూద్దామన్న ఆలోచనే నా చేత దుర్భిణి కొనిపించింది. మొదట కొన్నది ఇది కాదు. ఇరవై రెట్లు పెద్దగా చూపిస్తుందని చెప్పి, ఎర్రగా మెరిసే అద్దాలున్నదాన్ని ఒకదాన్ని పదహారు వందలకు నాకు అంటగట్టారు. ఇంటికి తెచ్చి కంటికి పెట్టుకుంటే తుమ్మచెట్టు మొత్తం భూకంపం వచ్చినట్టు ఊగింది. రెట్లు పెరిగిన కొద్దీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుందన్న సంగతి అమ్మినవారు చెప్పలేదు, వాపసు తీసుకోవడానికీ ఒప్పుకోలేదు. అది ఇప్పుడు మా మనవడి ఆటబొమ్మ.

రెండోసారి కోఠిలో ఒక పాత దుకాణానికి వెళ్లాను. అక్కడి పెద్దాయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "కళ్లజోడు తీసి చూస్తరా అమ్మా, పెట్టుకుని చూస్తరా?" అన్నారు. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లని, జోడు తియ్యడం కుదరదని చెప్పాను. అలాగైతే కంటికీ అద్దానికీ మధ్య కనీసం పదిహేను మిల్లీమీటర్ల ఎడం ఉన్నా చూపు పూర్తిగా అందేది కావాలని, లేకపోతే తాళం చెవి రంధ్రంలోంచి తొంగి చూసినట్టు ఉంటుందని చెప్పి, బల్ల మీద మూడు రకాలు పెట్టారు. కంటి దగ్గరి రబ్బరు గిన్నెలను జోడు ఉన్నవారు లోపలికి తిప్పుకోవాలని, లేనివారు బయటికి తిప్పుకోవాలని నాకు అప్పటి వరకు తెలియదు. కొనబోయేవారు కళ్లజోడుతోనే దుకాణానికి వెళ్లి, అక్కడ నిలబడి, రోడ్డుకు అవతలి వైపున ఉన్న బోర్డును చదివి చూసుకున్న తరువాతనే డబ్బు ఇవ్వాలని నా సలహా.

కొలతల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎనిమిది అంటే ఎనభై మీటర్ల దూరంలో ఉన్న పిట్ట పది మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. నలభై రెండు అంటే ముందు అద్దం వ్యాసం నలభై రెండు మిల్లీమీటర్లు. దాన్ని ఎనిమిదితో భాగిస్తే అయిదు మిల్లీమీటర్ల చిల్లర వస్తుంది. కంటిలోకి వచ్చే వెలుగు కట్ట మందం అది. వయసు మీద పడిన కొద్దీ కంటిపాప చీకట్లో కూడా చిన్నపిల్లలకు విచ్చుకున్నంతగా విచ్చుకోదు కాబట్టి, యాభై మిల్లీమీటర్ల అద్దం కొని ఆ బరువంతా మోసినా నా వయసువారికి పెద్దగా ఒరిగేది ఉండదు. నలభై రెండు చాలు. తెల్లవారుజామున అయిదూ నలభైకి, మామూలు కంటికి తుమ్మచెట్టు నల్లటి ముద్దలా ఉన్నప్పుడు, ఇందులో కొమ్మలు విడివిడిగా కనిపిస్తాయి. నాకు కావలసింది సరిగ్గా ఆ వేళకే పనికొచ్చే వస్తువు కాబట్టి, పదకొండు వేల అయిదు వందలు ఇచ్చి తెచ్చుకున్నాను.

ఇంటికి వచ్చాక సర్దుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. రెండు గొట్టాలను మధ్య మడత దగ్గర దగ్గరికీ దూరానికీ జరుపుతూ, రెండు వలయాలూ కలిసి ఒకే గుండ్రం అయ్యే దాకా చూసుకోవాలి. సినిమాల్లో చూపించే జంట వలయాలు మీకు కనిపిస్తున్నాయంటే ఇంకా సర్దుబాటు కాలేదని అర్థం. తరువాత కుడి వైపు అద్దాన్ని అరచేత్తో మూసి, ఎడమ కంటితో దూరాన ఉన్నదాన్ని మధ్య చక్రం తిప్పుతూ స్పష్టం చేసుకోవాలి. ఆ పిమ్మట ఎడమ వైపు మూసి, మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి కంటి గొట్టం మీద ఉండే చిన్న చక్రాన్ని మాత్రం తిప్పి ఆ కంటికి సరిచేసుకోవాలి. మన రెండు కళ్ల మధ్య ఉండే తేడాను ఆ చిన్న చక్రం సరిపెడుతుంది. ఒక్కసారి కుదిరిన తరువాత, ఇంకొకరి చేతికి ఇస్తే తప్ప దాన్ని మళ్లీ ముట్టుకోనక్కర లేదని పెట్టెలోని కాగితంలో రాసి ఉంది. అది సదుపాయం కోసమే రాశారు. ఇంకొకరు లేని ఇంట్లో ఆ సాయంత్రం నేను దాన్ని అలా చదువుకోలేకపోయాను. చక్రం మీద నాకు కుదిరిన చోట సున్నంలో ముంచిన పుల్ల మొనతో ఒక తెల్ల చుక్క పెట్టి, పెట్టె మూసేశాను. ఏడాది పాటు ఆ చుక్క కదలలేదు.

మొదటి నెలలో చూసినవన్నీ రోజూ కాళ్లకు అడ్డం పడేవే. గోరింక కంటి చుట్టూ పసుపు రాసినట్టు ఉంటుందని, జెముడుకాకి కళ్లు రక్తంలా ఎర్రగా ఉంటాయని అరవై రెండేళ్లు వచ్చాక చూశాను. కానీ నన్ను నిజంగా బాల్కనీకి కట్టిపడేసింది తీతువు. మా ఊళ్లో ఇంటి మీదుగా తీతువు కూస్తే చావు కబురు వస్తుందని మా నాయనమ్మ భయపడి, లోపలికి పొమ్మని పిల్లలందరినీ తరిమేది. మా అపార్టుమెంటులో ఒక పెద్దాయన ఉన్నారు. పొద్దున్నే పని మీద బయలుదేరేటప్పుడు నేను లిఫ్టు దిగి ఎదురొస్తే, చెప్పులు సరిచేసుకుంటున్నట్టు ఒక్క నిమిషం ఆగి, నేను గేటు దాటాకే కదిలేవారు. కాబట్టి తీతువుకూ నాకూ లోకంలో ఒకటే పేరు ఉందన్న ఆసక్తితోనే దాన్ని చూడడం మొదలుపెట్టానని ఒప్పుకోవాలి.

అది వేసవి. ఖాళీ స్థలంలో కంకర గుట్ట పక్కన, గూడు అనదగింది ఏమీ లేకుండా, నేల మీదనే నాలుగు గుడ్లు పెట్టింది. రాళ్లలో రాళ్లలా ఉండే ఆ గుడ్లు మామూలు కంటికి ఎంత వెతికినా కనిపించవు. దుర్భిణిలో మాత్రం వాటి మీది మచ్చలు కూడా లెక్కపెట్టవచ్చు. పసుపుపచ్చని పొడుగు కాళ్లు, కంటి ముందు కుంకుమ దిద్దినట్టు ఎర్రటి తోలు, నల్లటి మెడకు పక్కన తెల్లటి పట్టె. ఆడదీ మగదీ వంతులు వేసుకుని పొదిగేవి. మధ్యాహ్నం ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు ఒకటి లేచి, బోరు నీళ్లు కారిన గుంట దగ్గరికి వెళ్లి, అందులో కూర్చుని, పొట్ట ఈకలు బాగా తడుపుకుని, పరుగున వచ్చి ఆ తడి పొట్టతో గుడ్ల మీద కూర్చునేది. ఇలా రోజుకు ఎన్నిసార్లు చేస్తుందో కాఫీ పొడి డబ్బా మీద గీతలు పెట్టుకున్నాను. ఒకరోజు పదకొండు గీతలు వచ్చాయి. దాని కూత నిజానికి కుక్కనో పిల్లినో చూసి పెట్టే కేకే. రాత్రుళ్లు కూడా మెలకువగా ఉండి కాపలా కాస్తుంది కాబట్టి అర్ధరాత్రి వినిపిస్తుంది, అంతకు మించి అందులో కబురేమీ లేదు. నాలుగింటిలో మూడు పిల్లలయ్యాయి. నాలుగో గుడ్డు ఏమైందో చూడలేకపోయాను, ఆ రోజు దంతవైద్యుడి దగ్గరికి వెళ్లాను.

బాల్కనీ చాలదనిపించిన తరువాత ఆటోలో అమీన్‌పూర్ చెరువుకు వెళ్లడం మొదలుపెట్టాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఈ చెరువు చలికాలంలో వలస బాతులతో నిండుతుంది. తెలుపూ నలుపూ కలిసిన లకుముకి నీటికి పైన గాలిలో ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ నిలిచి, ఉన్నట్టుండి రాయిలా పడి, చేపతో లేచేది అక్కడ ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టదు. జంటనగరాల్లో పిట్టలను చూసేవారి బృందాలు ఉన్నాయి. డెక్కన్ బర్డర్స్ అనేవారు 1980లో వేరే పేరుతో మొదలై ఇప్పటికీ నడుస్తున్నారు. వయసులో సగం ఉన్న పిల్లలు "ఆంటీ, ఎడమ కొమ్మ, రెండో చీలిక" అని ఓపికగా చూపిస్తారు. వారికి అన్నీ ఇంగ్లీషు పేర్లే తెలుసు, నాకు కొన్నింటి తెలుగు పేర్లు తెలుసు, కాబట్టి మారకం బాగానే సాగుతోంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931–32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారని వారి దగ్గరే మొదట విన్నాను. ఆయన భార్య తెహ్మీనా 1939లో ఒక చిన్న ఆపరేషన్ తరువాత చనిపోయారని, రెండేళ్లకు, 1941లో, దేశమంతా చదివిన ఆయన పక్షుల పుస్తకం వచ్చిందని ఇంటికి వచ్చాక చదువుకున్నాను. 1987లో పోయే దాకా ఆయన పిట్టల వెంట తిరుగుతూనే ఉన్నారు. ఈ తేదీలను డైరీలో రాసి పెట్టుకున్నాను.

ఇక లోపాలు. బరువు దాదాపు ఏడు వందల గ్రాములు. పెట్టెతో పాటు ఇచ్చే సన్నటి మెడ పట్టీతో గంట సేపు తిరిగితే మెడనరాలు పట్టేస్తాయి. రెండు భుజాల మీదుగా వేసుకునే పట్టీ విడిగా కొనుక్కోవలసి వచ్చింది, అది లేకుండా మా వయసువారు కొనవద్దు. ముందు అద్దాలకు ఉండే రబ్బరు మూతలు వదులుగా ఉంటాయి, ఒకటి అమీన్‌పూర్ బురదలో కలిసిపోయింది. ఒక అద్దం మీద ఉన్న గీత మాత్రం వస్తువు తప్పు కాదు, నాది. దుమ్ము పడితే చీర కొంగుతో తుడిచాను. ముందు మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, ఆ తరువాతనే అద్దాల గుడ్డతో తుడవాలి. వానాకాలంలో అద్దాల లోపల బూజు పట్టకుండా, మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలను పెట్టెలో వేసి ఉంచుతున్నాను. రెండు వానాకాలాలు గడిచినా ఇప్పటి వరకు బూజు పట్టలేదు. సూర్యుడి వైపు పొరపాటున కూడా తిప్పకూడదు, కళ్లు పోతాయి.

కిందటి దసరాకు హనుమకొండ నుంచి మా మరిదీ తోటికోడలూ వచ్చారు. పండుగనాడు పాలపిట్టను చూడాలన్న పట్టింపు మా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. దాన్ని పట్టి పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవారు ఇంకా ఉన్నారు, అది చట్టం ప్రకారం నేరం. పంజరం దాకా ఎందుకని ఆ సాయంత్రం వారిద్దరినీ చెరువు అవతలి పొలాల వైపు తీసుకువెళ్లాను. కరెంటు తీగ మీద ఒకటి కూర్చుని ఉంది. దుర్భిణి తోటికోడలి చేతికి ఇచ్చాను. "ఇదేంది అక్కా, మట్టిరంగున్నది?" అన్నది. ఆగు అన్నాను. అది తీగ మీద నుంచి నేల మీది పురుగు కోసం దిగుతూ రెక్కలు విప్పింది. ముదురు నీలం, లేత నీలం పట్టెలు రెండూ ఒక్కసారి ఎండలో తెరుచుకున్నాయి. తోటికోడలు చాలాసేపు దుర్భిణి వెనక్కి ఇవ్వలేదు. మా మరిది జమ్మి ఆకు చేతిలో పట్టుకుని, ఇంటికి పోయి అన్నం తినాలని రెండుసార్లు గుర్తు చేశాడు.

నా చేతికి వచ్చాక కళ్లకు పెట్టుకుంటే అంతా మసకగా ఉంది. తన కంటికి తగ్గట్టు ఆ చిన్న చక్రాన్ని తిప్పేసుకుంది. ఇంటికి వెళ్లాక, తిప్పిన చోటు మళ్లీ మారిపోక ముందే, దేవుడి దగ్గరి కుంకుమ తడిపి అక్కడ ఒక చుక్క పెట్టాను. సంక్రాంతికి వస్తానన్నది. ఇప్పుడు చక్రం మీద తెల్లది నాది, ఎర్రది తనది.