68,500 రూపాయల సముద్ర శిబిరం: హేవ్‌లాక్‌లో దక్కినదెంత, దక్కనిదెంత

పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లలకు స్కూబా డైవింగ్‌నూ సముద్ర జీవశాస్త్రాన్నీ కలిపి నేర్పుతామని చెప్పి, విమానం ఛార్జీలు కాక తలకు 68,500 రూపాయలు వసూలు చేసిన నిర్వాహకుల మీద నా కోపం ఇంకా చల్లారలేదు. అయినప్పటికీ, అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి పిల్లలను పంపవద్దని నేను ఎవరికీ చెప్పను. పిల్లలను సముద్రంలోకి దింపిన డైవింగ్ కేంద్రం వాళ్లు తమ పనిని ఎంత నిజాయితీగా చేశారో, ఒడ్డున మా డబ్బు తీసుకున్న వాళ్లు అంత నిర్లక్ష్యంగా చేశారు. ఈ రెండింటికీ తేడా తెలియక, ఒకరి తప్పుకు మరొకరిని నిందించే ప్రమాదం ఉంది కాబట్టే ఇదంతా రాస్తున్నాను. నిర్వాహకుల కరపత్రంలో ప్రతి ఉదయం డైవింగ్, ప్రతి మధ్యాహ్నం మెరైన్ బయాలజీ అని స్పష్టంగా అచ్చువేశారు. బైపీసీ తీసుకోబోతున్న మా అమ్మాయి ఆ రెండో మాట చూసే ముచ్చటపడింది. మా అక్క కొడుకు కూడా వస్తానన్నాడు. తల్లిదండ్రులు సొంత ఖర్చుతో వెంట ఉండవచ్చన్నారు కాబట్టి నేనూ మా బావగారూ కూడా బయలుదేరాము.

విశాఖపట్నం నుంచి చెన్నై మీదుగా పోర్ట్ బ్లెయిర్ చేరడంలో చెప్పుకోదగిన ఇబ్బంది ఏమీ లేదు. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అనీ, హేవ్‌లాక్‌కు 2018లో స్వరాజ్ ద్వీప్ అనీ పేర్లు మారినా, ఆటోవాలాల నుంచి పడవ టికెట్లు అమ్మేవారి దాకా అందరూ పాత పేర్లే వాడుతున్నారు. ప్రైవేటు పడవలో మనిషికి 1,750 రూపాయలు అయ్యాయి, గంటన్నరలో దీవిలో దిగాము.

అసలు కథ బసతో మొదలైంది. కరపత్రంలో బొమ్మ వేసినది కొబ్బరి చెట్ల మధ్య ఇద్దరిద్దరికి ఒక్కో ఏసీ కుటీరం. పిల్లలకు ఇచ్చినది బజారు వెనుక సందులో, ఒక్కో గదిలో ఆరు మంచాలు వరుసగా వేసిన రేకుల కప్పు వసారా. మే నెల ఉక్కలో ఫ్యాను తిరుగుతున్నా దుప్పట్లు చెమ్మగానే ఉండేవి. కరెంటు పోయినప్పుడు జనరేటరు వేయడానికి రాత్రి కాపలాదారును లేపవలసి వచ్చేది. పద్నాలుగు మంది పిల్లలకు రెండే స్నానాల గదులు ఉండగా, వాటిలో ఒకదాని కుళాయిలో ఉప్పునీళ్లే వచ్చాయి. సముద్రం నుంచి వచ్చిన పిల్లలు ఉప్పునీళ్లతోనే ఉప్పు కడుక్కోవలసిన దుస్థితి అది. తడి బట్టలు ఆరవేసుకోవడానికి ఒక తాడైనా కట్టలేదు. రాత్రి భోజనం మొదటి రోజు పప్పు, బంగాళాదుంప. రెండో రోజు బంగాళాదుంప, పప్పు. ఇదంతా చూసిన మా బావగారు నిర్వాహకుల తరఫు సమన్వయకర్తను పక్కకు పిలిచి, "అబ్బాయీ, ఈ మాత్రం దానికి మా ఊరి సత్రంలో డబ్బు తీసుకోరయ్యా" అన్నారు. అతను నవ్వుతూ, పిల్లలకు సాహస జీవితం అలవాటు కావాలి కదండీ అని జవాబిచ్చాడు. ఆ నవ్వుతో మా బావగారి రక్తపోటు పెరిగింది. విజయనగర్ బీచ్ దగ్గర మేమిద్దరం రోజుకు 2,200 రూపాయలకు తీసుకున్న ఏసీ గది శుభ్రంగా ఉండి, మంచినీళ్లు పుష్కలంగా వస్తుంటే, పిల్లలను ఆ వసారాలో పెట్టినది చవక కోసం తప్ప మరెందుకూ కాదని తేలిపోయింది. ఇది కేవలం సౌకర్యం గురించిన ఫిర్యాదు కాదు. నిద్ర లేకుండా, ఒంట్లో నీరు తగ్గి ఉన్నవారు డైవింగ్‌కు దిగకూడదని శిక్షకుడే మొదటి పాఠంలో చెప్పాడు.

బస కంటే పెద్ద తప్పు ఆరోగ్య ప్రశ్నపత్రం విషయంలో జరిగింది. డైవింగ్ నేర్చుకునే ప్రతివారూ ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవి శస్త్రచికిత్స వంటివి ఉన్నాయా అని అడిగే పత్రాన్ని నింపాలి. ఒక్కదానికి అవునని రాసినా వైద్యుడు పరీక్షించి సంతకం చేయాలి. మా మేనల్లుడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉందని మా అక్క ఇంటి నుంచే ఫోనులో చెబితే, నిర్వాహకుల కార్యాలయంలో ఎవరో, "అన్నింటికీ నో అని పెట్టేయండి మేడమ్, అది ఉత్త ఫార్మాలిటీ" అన్నారట. హేవ్‌లాక్‌లో డైవింగ్ కేంద్రం శిక్షకుడు మాత్రం ఆ పత్రాన్ని పక్కన పెట్టి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మళ్లీ అడిగాడు. మా మేనల్లుడు నిజం చెప్పాడు. శిక్షకుడు గొంతు పెంచకుండా, వైద్యుడి సంతకం లేనిదే నీళ్లలోకి దించనని తేల్చేశాడు.

కారణాన్ని అతను పిల్లలందరికీ అర్థమయ్యేలా వివరించాడు. పది మీటర్ల లోతులో పీడనం ఉపరితలంలో ఉన్నదానికి రెండింతలు ఉంటుంది కాబట్టి, అక్కడ ఊపిరితిత్తులు నింపుకున్న గాలి పైకి వచ్చేసరికి రెండింతల చోటు కోరుతుంది. మామూలు మనిషి ఊపిరి వదులుతూ పైకి వస్తే ఆ గాలి దానంతట అది బయటికి పోతుంది. శ్వాసనాళాలు బిగుసుకున్న మనిషిలో అది లోపలే చిక్కుకుని ఊపిరితిత్తిని చీల్చగలదు. నీళ్ల కింద ఎన్నడూ ఊపిరి బిగబట్టకూడదన్న మొదటి సూత్రం కూడా అందుకే పుట్టింది. దీన్ని ఉత్త ఫార్మాలిటీ అన్నవారికి పద్నాలుగు మంది పిల్లల్ని అప్పగించామన్న ఆలోచనకే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈత విషయంలోనూ ఇదే తంతు. ఈత రాకపోయినా ఫరవాలేదని నిర్వాహకులు చెప్పారు. శిక్షకుడి చేయి పట్టుకుని ఒకసారి దిగి వచ్చే సరదా డైవ్‌కు ఆ మాట చెల్లుతుంది. డైవింగ్‌లో తొలి అర్హత అయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఆగకుండా 200 మీటర్లు ఈది, పది నిమిషాలు నీటిపై తేలాలి. ఆ పరీక్షలో ఇద్దరు ఆగిపోయారు, వాళ్ల తల్లిదండ్రులకు ఈ సంగతి అప్పుడే తెలిసింది.

డైవింగ్ కేంద్రం గురించి నేను చెప్పగల చెడు మాట ఒక్కటీ లేదు. నలుగురు పిల్లలకు ఒక శిక్షకుడు. ముందు నడుము లోతు నీళ్లలో ముసుగులోకి నీరు వస్తే ముక్కుతో ఊది బయటికి నెట్టడం, సిలిండరు గాలిని అందించే రెగ్యులేటర్ నోటి నుంచి జారిపోతే దాన్ని చేత్తో వెతికి పట్టుకోవడం, ముక్కు మూసి మెల్లగా ఊదుతూ చెవుల్లో పీడనాన్ని సరిచేసుకోవడం విసుగు పుట్టేదాకా చేయించారు. ఆ తరువాతే పడవ ఎక్కించారు. మా అమ్మాయికి ఎడమ చెవి తెరుచుకోక మొదటి రోజు ఆరు మీటర్ల దగ్గరే ఆగిపోయి, ముఖం మాడ్చుకుని వచ్చింది. తొందరపెట్టకుండా ఆమె ఒక్కతి కోసం తాడు పట్టుకుని అరడుగు అరడుగుగా దించిన శిక్షకుడి ఓర్పును చూశాక, రుసుములో ఈ భాగానికి చెల్లించిన ప్రతి రూపాయీ న్యాయమేననిపించింది. చివరి డైవ్‌లో ఆ కోర్సుకున్న పద్దెనిమిది మీటర్ల హద్దు దాకా వెళ్లి, సిలిండరులో గాలి తగినంత మిగిలి ఉండగానే తిరుగుముఖం పట్టి, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి, అప్పుడు పైకి తేలింది. బాగుందా అని నేను పడవ మీద నుంచి బొటనవేలు ఎత్తితే కేకలు పెట్టి నవ్వింది. డైవర్ల సైగల్లో దాని అర్థం పైకి పోదాం అని.

ఇక జీవశాస్త్రం. మొదటి మధ్యాహ్నం దాని పేరుతో జరిగింది ఒక వీడియో. రెండో మధ్యాహ్నం మరో వీడియో, అదీ మధ్యలో ఆగిపోయింది. పాఠం చెప్పవలసిన శాస్త్రవేత్త ఎక్కడని అడిగితే సమన్వయకర్త తానే డిగ్రీలో జువాలజీ చదివానన్నాడు. పగడం జంతువా మొక్కా అని ఒక పిల్ల అడిగితే అతను ఫోనులో వెతకడం మొదలుపెట్టేసరికి తల్లిదండ్రులందరం కలిసి గట్టిగా నిలదీశాము. సగం రుసుము వెనక్కి ఇవ్వమని కాగితం మీద రాసి సంతకాలు చేస్తే తప్ప కదలిక రాలేదు. మర్నాడు ఎక్కడి నుంచో పగడపు దిబ్బల మీద పరిశోధన చేస్తున్న ఒక యువతిని తీసుకువచ్చారు. ఆమె రాకతో ఈ శిబిరానికి ఆ పేరు తగింది.

ఆమె ప్రొజెక్టరు ముట్టలేదు. ఆటుపోట్ల పట్టిక చూసి, నీరు బాగా వెనక్కి తగ్గే వేళకు పిల్లలను విజయనగర్ తీరానికి తీసుకువెళ్లి, పగడాల మీద కాలు పెట్టకుండా ఇసుక మీదనే ఎలా నడవాలో చూపించింది. అక్కడి గుంటల్లో సముద్ర దోసకాయలు ఒక చివర ఇసుకను మింగి, అందులోని సేంద్రియ పదార్థాన్ని జీర్ణించుకుని, శుభ్రమైన ఇసుకను మరో చివర వదలడం పిల్లలు చతికిలపడి చూశారు. దిబ్బలు కట్టే పగడాలూ, సముద్ర దోసకాయలూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులికి ఇచ్చినంత రక్షణలో, ఉన్నాయని ఆమె చెప్పగానే, ఒక అబ్బాయి జేబులోంచి చచ్చిన పగడపు ముక్క తీసి చడీచప్పుడు లేకుండా ఇసుకలో పెట్టేశాడు.

మర్నాడు నీళ్ల కింద పని. ఇరవై మీటర్ల టేపును దిబ్బ మీదుగా పరిచి, ప్రతి అర మీటరుకూ సరిగ్గా దాని కింద ఏముందో పలక మీద పెన్సిలుతో రాయాలి: గట్టి పగడమా, మెత్తని పగడమా, చచ్చినదా, విరిగిన పగడపు ముక్కలా, ఇసుకా. నలభై చోట్ల చూస్తే ఒక్కో చోటు రెండున్నర శాతంతో సమానం కాబట్టి, ఒడ్డుకు వచ్చి లెక్క కడితే ఆ దిబ్బ ఆరోగ్యం అంకెల్లో కనబడుతుంది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వారు తయారుచేసిన పగడాల రంగుల అట్టను కూడా ఆమె అందరికీ ఇచ్చింది. ఒక్కో పగడంలో అతి లేత భాగానికీ, అతి ముదురు భాగానికీ అట్టలో సరిపోయే అంకెను రాసుకోవాలి. పగడపు కణజాలంలో కాపురముండే సూక్ష్మ శైవలాలే (ఆల్గే) దానికి ఆహారాన్నీ రంగునూ ఇస్తాయి. నీరు వారాల తరబడి మామూలు వేసవి వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువగా ఉన్నా పగడం వాటిని వెళ్లగొట్టి, తెల్లని అస్థిపంజరం కనిపించేలా వెలిసిపోతుంది. వెలిసినంత మాత్రాన చచ్చినట్టు కాదనీ, త్వరగా చల్లబడితే కోలుకుంటుందనీ ఆమె నొక్కి చెప్పింది. ప్రపంచవ్యాప్తంగా పగడాలు వెలిసిపోయే నాలుగో దశ నడుస్తున్నదని 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన సంగతిని పేపర్లో చదివి పక్కన పెట్టిన నాకు, లోతునూ నీటి వేడినీ చూపే డైవ్ కంప్యూటరులో 31 డిగ్రీలు చూసి వచ్చిన పిల్లలు కొమ్మ పగడాల లేత చివళ్ల గురించి వాదించుకుంటుంటే విషయం తలకెక్కింది.

ఆశ్చర్యమేమిటంటే, ఈ భాగం ఎక్కువగా దక్కినది డైవింగ్‌కు దిగని మా మేనల్లుడికి. అలిగి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడని వాడు, ఆమె చేతికి పలక ఇచ్చాక ఒడ్డు వదలలేదు. విదూషక చేపల (క్లౌన్‌ఫిష్) గుంపులో అన్నింటికన్నా పెద్దది ఆడదనీ, అది చస్తే దాని జోడు మగ చేపే ఆడదిగా మారుతుందనీ విని వచ్చి భోజనాల దగ్గర చెబితే, మా బావగారు చాలాసేపు ఆలోచించి, "సిలబస్‌లో ఇది ఎందుకు పెట్టలేదురా?" అన్నారు. ఆ ప్రయాణంలో ఆయన కోపం లేకుండా అడిగిన మొదటి ప్రశ్న అదే.

నిర్వాహకుల ఘనకార్యం ఇంకొకటి మిగిలి ఉంది. తిరుగు ప్రయాణం రోజు ఉదయం బోనస్ డైవ్, మధ్యాహ్నం విమానం అని వాళ్ల పట్టికలో రాశారు. డైవింగ్ తరువాత శరీరంలో కరిగి ఉన్న నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి, అది పోకముందే ఎత్తుకు ఎగిరితే ప్రమాదం. ఒకటికి మించి డైవ్‌లు చేసినవారు కనీసం పద్దెనిమిది గంటల దాకా విమానం ఎక్కకూడదన్నది డైవింగ్ నేర్పే ప్రతి చోటా చెప్పే మాట. డైవింగ్ కేంద్రం వారు ఆ పట్టిక చూసి నవ్వాలో ఏడవాలో తెలియక, బోనస్‌ను కొట్టిపారేశారు. రెండో విడత శిబిరాన్ని మే చివరి వారంలో పెట్టడం కూడా అంతే తెలివి. నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను సాధారణంగా మే మూడో వారంలోనే తాకుతాయి, ఆ తరువాత పడవలు ఎప్పుడు ఆగుతాయో, నీళ్ల కింద ఎంత కనిపిస్తుందో ఎవరూ చెప్పలేరు. వేసవిలో వెళ్లదలచినవారు ఏప్రిల్ చివరికీ, మే మొదటి పది రోజులకూ పరిమితం కావడం మంచిది.

రాధానగర్ బీచ్ గురించి అందరూ రాశారు, నిజంగానే బాగుంది. తిండి విషయంలో హేవ్‌లాక్ బజారులోని బెంగాలీ భోజనం, ఆవపిండి వేసిన చేపల కూరతో 220 రూపాయలకు, మాకు బాగా నచ్చింది. అంతకన్నా తృప్తినిచ్చినది పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ చేపల మార్కెట్ దగ్గరి చిన్న మెస్సులో దొరికిన చేపల పులుసు. వడ్డించిన పెద్దావిడ మా మాట విని, "మీది ఏ ఊరు బాబూ?" అని శ్రీకాకుళం యాసలో అడిగి, మరో ముక్క వేసింది. మనిషికి 180 రూపాయలు. పిల్లలు ఆ పూట తిన్నంత శిబిరంలో ఒక్క పూటైనా తినలేదు.

మా బావగారు పట్టు వదలకుండా పోరాడితే మేనల్లుడి రుసుములో 12,000 వెనక్కి వచ్చాయి. ఓపెన్ వాటర్ కోర్సు ఒక్కటే నేరుగా చేరితే 32,000 అని నేను అదే కేంద్రంలో అడిగి తెలుసుకున్నాను. బస, భోజనం, పడవ కలిపి మనమే చూసుకుంటే ఇంకో 18,000 దాటదు. మిగిలిన 18,500 దేనికని నిర్వాహకులను అడిగితే, మెరైన్ బయాలజీకి అన్నారు. ఆ పరిశోధకురాలికి వాళ్లు ఎంత ఇచ్చారని కూడా అడిగాను, జవాబు రాలేదు. ఇటువంటి శిబిరం ఎవరు అమ్మజూపినా డబ్బు కట్టకముందు పాఠం చెప్పే మనిషి పేరు, చదువు, నీళ్లలో పిల్లలతో గడిపే గంటలు కాగితం మీద రాయించుకోండి. ఆరోగ్య పత్రాన్ని ఇంటి దగ్గరే మీ వైద్యుడికి చూపించండి. మా అమ్మాయి వచ్చే వేసవికి అడ్వాన్స్‌డ్ కోర్సు అంటోంది. ఈసారి డబ్బు నేరుగా డైవింగ్ కేంద్రానికే కడతాను.