ఆటోవైర్డ్, రిసోర్స్, ఇంజెక్ట్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

భీమవరం, కైకలూరు వైపు ఆక్వా వ్యాపారుల కోసం కొనుగోళ్లు, బిల్లులు చూసే వెబ్ అప్లికేషన్ ఒకటి మేం స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ మీద నడుపుతున్నాం. జావా 8 రోజుల్లో మొదలైంది, ఇప్పుడు స్ప్రింగ్ బూట్ 3 మీద ఉంది. చాలామంది చేతులు పడిన కోడ్ కాబట్టి డిపెండెన్సీ ఇంజెక్షన్‌కి, అంటే ఒక క్లాసుకి కావాల్సిన ఆబ్జెక్టుల్ని ఫ్రేమ్‌వర్కే అందించడానికి, ఉన్న యానొటేషన్లన్నీ (కోడ్‌లో @తో రాసే గుర్తులు) అందులో కనిపిస్తాయి. నా ఓటు మాత్రం ఏ యానొటేషనూ లేని కన్‌స్ట్రక్టర్‌కే (క్లాసు నుంచి ఆబ్జెక్టుని తయారుచేసే భాగం).

స్ప్రింగ్ తయారుచేసి ఉంచే ఆబ్జెక్టుని బీన్ అంటారు. దాన్ని వెతకడానికి ఆటోవైర్డ్ ముందు టైపు చూస్తుంది. రిసోర్స్ ముందు పేరు చూస్తుంది, ఆ పేరుతో బీన్ దొరక్కపోతేనే టైపుకి వెళ్తుంది. ఈ తేడా ఇంటర్వ్యూల్లో అందరూ గడగడా చెప్తారు. అసలు సంగతి ఒకే ఇంటర్‌ఫేస్‌కి రెండు బీన్లు ఉన్నప్పుడు బయటపడుతుంది.

మాకు ధర లెక్కకి ఒక ఇంటర్‌ఫేస్ ఉంది. వనామీకి కౌంటును బట్టి రేటు: కిలోకి 30 తూగే రొయ్యకి ఒక ధర, 100 తూగేదానికి ఇంకో ధర. శీలావతికి, బొచ్చెకి అలా కాదు, వేరే లెక్క. అందుకని రొయ్యరేట్, చేపరేట్ అని రెండు బీన్లు. చాలా క్లాసుల్లో ఫీల్డ్ మీద ఆటోవైర్డ్ పెట్టి, ఫీల్డ్‌కి చేపరేట్ అని పేరు పెట్టి వదిలేశారు. టైపు రెండింటికీ సరిపోతుంది కాబట్టి స్ప్రింగ్ చివరికి ఫీల్డ్ పేరు చూసి సరైన బీనే ఇచ్చేది. అలా ఏళ్లు గడిచాయి.

తర్వాత ఎవరో రొయ్యరేట్ మీద ప్రైమరీ (ఎక్కువ బీన్లుంటే దీన్నే తీసుకోమనే యానొటేషన్) పెట్టారు. ఆటోవైర్డ్ దగ్గర ప్రైమరీ మాటే ముందు చెల్లుతుంది, ఫీల్డ్ పేరు దాకా వెళ్లదు. కంపైల్ అయింది, సర్వర్ లేచింది, లాగ్‌లో ఒక్క ఎర్ర లైను లేదు. చేపల బిల్లుల్లోకి మాత్రం రొయ్యల లెక్క వచ్చి కూర్చుంది! విచిత్రం ఏంటంటే, రిసోర్స్ వాడిన పాత స్క్రీన్లు సరిగ్గానే ఉన్నాయి, అక్కడ పేరుదే పైచేయి కాబట్టి. అలాగని రిసోర్స్‌ని నమ్మమని కాదు. ఫీల్డ్ పేరు మార్చినా బీన్ మారిపోయే ఏర్పాటు నాకు టెన్షనే. రెండు బీన్లుంటే ఏది కావాలో తేల్చి చెప్పే క్వాలిఫయర్ యానొటేషన్ రాయండి. ఫీల్డ్ పేరు మీద భారం వేయకండి.

ఇక ఇంజెక్ట్. 2009లో జేఎస్‌ఆర్ 330గా వచ్చిన జావా ప్రామాణికం ఇది. రేపు స్ప్రింగ్ వదిలి వేరే ఫ్రేమ్‌వర్క్‌కి వెళ్లినా కోడ్ మార్చక్కర్లేదని దీన్ని పొగుడుతారు. మేం ఎక్కడికీ వెళ్లలేదు. పైగా బూట్ 3కి మారేటప్పుడు జావా ఈఈకి చెందిన జావాఎక్స్ ప్యాకేజీల పేర్లు జకార్తాగా మారుస్తూ ఇంజెక్ట్, రిసోర్స్ ఉన్న ప్రతి ఫైలూ ముట్టుకున్నాం. ఆటోవైర్డ్ స్ప్రింగ్ సొంతం కాబట్టి దాని ఇంపోర్టు కదల్లేదు. రిసోర్స్‌కి అంతకుముందే ఒక దెబ్బ ఉంది: జావా 11లో దాన్ని జేడీకే (జావాతో వచ్చే డెవలప్‌మెంట్ కిట్) నుంచే తీసేశారు, వేరే జార్ (లైబ్రరీ ఫైలు) తెచ్చుకోవాలి.

కన్‌స్ట్రక్టర్ విషయానికొస్తే, క్లాసులో అది ఒక్కటే ఉంటే స్ప్రింగ్ 4.3 నుంచి ఆటోవైర్డ్ రాసే పనే లేదు. ఫీల్డులు ఫైనల్‌గా ఉంటాయి. టెస్టులో స్ప్రింగ్‌ని లేపకుండా న్యూ అని రాసి పని కానివ్వచ్చు. రెండు సర్వీసులు ఒకదాని మీద ఒకటి ఆధారపడితే స్ప్రింగ్ మొదట్లోనే పట్టేస్తుంది. ఫీల్డ్ ఇంజెక్షన్‌లో ఆ ముడి కనపడకుండా ఉండేది. బూట్ 2.6 అలాంటి ముడిని డిఫాల్ట్‌గా ఆపేసినప్పుడు మావి చాలా క్లాసులు విడదీయాల్సి వచ్చింది, విసుగైన పనే అయినా కోడ్ బాగుపడింది.

కన్‌స్ట్రక్టర్ లాంటి కోడ్‌ని తనే రాసిపెట్టే లోంబోక్ లైబ్రరీ వాడేవాళ్లకి ఒక జాగ్రత్త. దాని రిక్వైర్డ్ ఆర్గ్స్ కన్‌స్ట్రక్టర్ యానొటేషన్ పెట్టి, ఫీల్డ్ మీద క్వాలిఫయర్ రాస్తే అది కన్‌స్ట్రక్టర్‌లోకి తనంతట తాను వెళ్లదు. లోంబోక్ కాన్ఫిగ్ ఫైల్లో కాపీ చేయాల్సిన యానొటేషన్ల కింద దాన్ని చేర్చాలి. మేం ఆ గొడవ లేకుండా, క్వాలిఫయర్ అవసరమైన క్లాసుల్లో కన్‌స్ట్రక్టర్ చేత్తోనే రాస్తున్నాం.