"క్యాంపింగ్‌కి రెడీ" అంటే నమ్మి డబ్బు కట్టకండి: పాత ట్రావెల్ ట్రైలర్ కొనేవాళ్లకు హెచ్చరిక

పాత ట్రావెల్ ట్రైలర్ల (కారు, ట్రక్కుల వెనక తగిలించి లాగే చక్రాల ఇళ్ల) ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే మాట "తగిలించుకుని బయల్దేరడమే". ఆ మాట నమ్మి కొన్నవాళ్లలో చాలామంది మొదటి ట్రిప్పులోనే హైవే పక్కన బండి ఆపుకుని కూర్చుంటున్నారు. టైరు పేలుతుంది, అర్ధరాత్రి హీటర్ ఆగిపోతుంది, వాన పడితే పరుపు తడుస్తుంది. దారిలో ఉన్నట్టుండి వచ్చిపడినట్టు అనిపించే ఈ తంటాల్లో చాలావరకు అమ్మేవాడి వాకిట్లోనే తెలిసిపోతాయి. ఎక్కడ చూడాలో, అమ్మేవాడి చేత ఏం చేసి చూపించమనాలో తెలియాలి, అంతే. కింద చెప్పినవి అమెరికాలో అమ్మే ట్రైలర్లకు వర్తిస్తాయి.

ముందు టైర్లు. గాట్లు లోతుగా కనిపిస్తే "కొత్తలాగే ఉన్నాయి" అంటారు. ట్రైలర్ టైర్లు అరిగిపోయి చావవు, ముసలివై చస్తాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఒకేచోట బరువు మోస్తూ ఎండలో నిలబడి ఉంటాయి కాబట్టి లోపల రబ్బరు, దారాల పొరలు విడిపోతుంటాయి, పైకి ఏమీ కనపడదు. టైరు పక్కగోడ మీద డీఓటీ అనే అక్షరాల తర్వాత వచ్చే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. బయటివైపు ఆ నాలుగు అంకెలు లేకపోతే లోపలివైపు ఉంటాయి, బట్టలు మాసినా సరే కిందికి దూరి చూడాల్సిందే. ఐదారేళ్లు దాటిన టైర్లయితే గాట్లు ఎంత బాగున్నా మొత్తం మార్చే ఖర్చు బేరంలోంచి తగ్గించుకోండి. స్పేర్ టైరు తేదీ కూడా చూడండి, అది బండితోపాటు వచ్చిన మొదటి టైరే అయి ఉండటం మామూలే. ట్రైలర్ టైరు పేలితే గాలి పోవడంతో ఆగదు. ఊడిన రబ్బరు పట్టీ కొరడాలా తిరిగి చక్రం పైన ఉన్న నేలను చీలుస్తుంది, బ్రేకు వైర్లను తెంపుతుంది, గ్యాస్ పైపును కూడా కొట్టగలదు.

గాలి ఎంత ఉండాలో ట్రైలర్ మీద అంటించిన స్టిక్కర్‌లో ఉంటుంది. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అక్షరం, అంటే లోడ్ రేంజ్, సీ అయితే సాధారణంగా 50 పీఎస్‌ఐ, డీ అయితే 65, ఈ అయితే 80. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. పాత ట్రైలర్ టైర్లలో చాలావరకు గంటకు 65 మైళ్ల వేగానికి తయారైనవి. లాగే వాహనం 80లో హాయిగా పోతుంది కదా అని పోతే వెనకాల టైర్లు ఉడికిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువమంది మోసపోయేది బరువు దగ్గర. అమ్మేవాడు మీ వాహనం పేరు అడిగి "దాని టోయింగ్ కెపాసిటీ (లాగగల బరువు) 7,500 పౌండ్లు, ఈ ట్రైలర్ 5,000 పౌండ్లే, కళ్లు మూసుకుని లాగొచ్చు" అంటాడు. ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది, 5,000 అనేది ఖాళీ ట్రైలర్ బరువు. అందులో నీళ్లు, సామాను లేవు, చాలాసార్లు బ్యాటరీ బరువు కూడా కలపరు. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు, అంటే 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే 332 పౌండ్లు అక్కడే పెరుగుతాయి. సామాను సర్దేసరికి వెయ్యి పౌండ్లు తేలిగ్గా కలుస్తాయి.

రెండో మెలిక ఇంకా పెద్దది. ముందుగా చేతులెత్తేసేది టోయింగ్ కెపాసిటీ కాదు, పేలోడ్, అంటే వాహనం తన మీద మోయగలిగే బరువు. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని ఒక అంకె రాసి ఉంటుంది. 1,450 పౌండ్లు అని ఉందనుకోండి. సామాను సర్దాక ట్రైలర్ 6,000 పౌండ్లయింది. అందులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి. 12 శాతం వేసుకుంటే 720. ఆ 720 మీ వాహనం మోయాల్సిన బరువే. కొక్కెం మీది బరువును ఇరుసుల మధ్య పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ సామాను ఇంకో 80. నలుగురు మనుషులు 620. మొత్తం 1,420. మిగిలింది 30 పౌండ్లు. డిక్కీలో ఒక కూలర్, నాలుగు మడత కుర్చీలు పెడితే పరిమితి దాటింది. టోయింగ్ కెపాసిటీ చూస్తే మాత్రం ఇంకా 1,500 పౌండ్లు మిగిలి ఉన్నట్టే కనిపిస్తుంది! వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెడితే పేలోడ్ పెరుగుతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. అది బరువును ఇరుసుల మధ్య సర్దుతుంది గానీ తలుపు మీది అంకెను మార్చదు.

ఇది కాగితం లెక్కే కదా అని కొట్టిపారేయకండి. ముందు బరువు తగ్గించడానికి సామానంతా వెనక్కి నెడితే కొక్కెం మీద 10 శాతం కంటే తగ్గిపోతుంది, లారీ పక్కనుంచి దూసుకెళ్లినప్పుడు ట్రైలర్ తోక ఊపడం మొదలవుతుంది. అప్పుడు వాహనం బ్రేకు గట్టిగా తొక్కడం, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పడం రెండూ ప్రమాదమే. యాక్సిలరేటర్ మీది కాలు తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, డ్రైవర్ దగ్గర ఉండే బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకులను నడిపే పెట్టె) మీది మీటను చేత్తో కొద్దికొద్దిగా జరిపి ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడేలా చేయాలి. ఆ మీట చేతికి ఎక్కడ అందుతుందో ఖాళీ మైదానంలో ముందే అలవాటు చేసుకోండి.

ఇక తడి. ట్రైలర్‌ను నిలువునా తినేసేది ఇదే. ఇంజనైతే లేదు గానీ, గోడల్లో చెక్క ఉంది, పైకప్పులో డజను కన్నాలున్నాయి: వెంట్లు, యాంటెనా, ఏసీ, ట్యాంకుల గొట్టాలు. ప్రతి కన్నం చుట్టూ నీళ్లు దిగకుండా వేసిన సీలెంట్ ఎండకు పగులుతుంది. నిచ్చెన వేసి పైకప్పు చూడందే బేరం మాట ఎత్తకండి. సీలెంట్ బీటలు వారిందా, అంచులు లేచాయా చూడండి. పాత సీలెంట్ మీద మెరిసే సిలికాన్ పూసి ఉంటే అనుమానించాల్సిందే, ఆ తర్వాత దానిమీద సరైన సీలెంట్ వేసినా అంటుకోదు. బయట ఫైబర్‌గ్లాస్ గోడకు చెంప ఆనించి పొడవునా చూపు సారిస్తే ఉబ్బు కనిపిస్తుంది. అది పొర విడిపోయిన గుర్తు, దాన్ని బాగుచేయడం గోడ విప్పి కట్టడంతో సమానం.

లోపల ముందు రెండు మూలలు, కిటికీల కింది భాగం, స్లైడ్-అవుట్ (ఆగాక బయటికి జరిపి లోపలి చోటు పెంచుకునే గది భాగం) అంచు, షవర్ ముందు నేల, మంచం కింద సామాను అర. ఈ చోట్లలో బొటనవేలితో గట్టిగా నొక్కండి, నేల మీద మడమతో తొక్కండి. మెత్తగా దిగితే లోపల చెక్క కుళ్లింది. సూదుల తేమ మీటరు చిన్న పరికరమే, తీసుకెళ్లండి. పొడి గోడ మీద ఎంత చూపిస్తుందో ముందు చూసుకుని మూలల్లో పెట్టండి. 20 శాతం దాటితే ఏదో కారుతున్నట్టే. ఒకే మూల కొత్త వాల్‌పేపరు, ఒకేచోట కొత్త వినైల్ నేల, బండి నిండా అగరొత్తుల వాసన ఉంటే, వాటి వెనక ఏముందో అడగండి.

చూపించేటప్పుడు అమ్మేవాడు ట్రైలర్‌ను ఇంటి కరెంటుకు తగిలించి ఉంచుతాడు. లైట్లు వెలుగుతాయి, పంపు తిరుగుతుంది, అన్నీ భేష్. ప్లగ్ పీకమనండి. అప్పుడు బ్యాటరీ అసలు రంగు బయటపడుతుంది. పీకి కొంతసేపు లైట్లు వేసి ఉంచాక మల్టీమీటర్‌తో కొలవండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, 12.1 దగ్గరికి వస్తే సగం ఖాళీ. మళ్లీ ప్లగ్ పెట్టి కొలిస్తే 13.2 కంటే పైకి ఎక్కాలి, ఎక్కకపోతే కన్వర్టర్ (ఇంటి కరెంటుతో బ్యాటరీని నింపే పెట్టె) చార్జి చేయడం లేదు.

"సిలిండర్ నిండుగా ఉన్నా హీటర్ ఆగిపోయింది" అనే ఫిర్యాదు వెనక ఉన్నది ఇదే. హీటర్ మండేది గ్యాస్‌తో, వేడిని నెట్టే ఫ్యాను తిరిగేది బ్యాటరీతో. మామూలు బ్యాటరీ ఒకటి 80 ఆంపియర్ అవర్స్ అనుకుంటే, పాడవకుండా వాడుకోగలిగింది సగం, 40. ఫ్యాను 7 ఆంప్స్ లాగుతూ చలిరాత్రి సగం సమయం తిరిగితే పది గంటల్లో 35 అయిపోతాయి. కొత్త బ్యాటరీకే తెల్లారేసరికి అడుగంటుతుంది, మూడేళ్ల బ్యాటరీకి రెండో జాముకే. వోల్టేజి పడిపోయి ఫ్యాను నెమ్మదిస్తే లోపలి గాలి స్విచ్ పడదు, బర్నర్ వెలగదు. గ్యాస్ హీటర్ బాగుచేయించుకుంటూ డబ్బు తగలేసేముందు వోల్టులు కొలవండి.

గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ అయితే, చూడ్డానికి వెళ్లే ముందురోజే ఫోన్ చేసి గ్యాస్ మీద పెట్టి ఉంచమనండి. అది చల్లబడడానికి ఎనిమిది, పది గంటలు పట్టొచ్చు, అక్కడికి వెళ్లి ఆన్ చేస్తే ఏమీ తెలీదు. కరెంటు మీద చల్లబడితే సరిపోదు, రెండూ వేర్వేరు దారులు. బయటి జాలీ తీస్తే అమోనియా ఘాటు వస్తోందా, గొట్టాల మీద పసుపు మరకలున్నాయా? కూలింగ్ యూనిట్ పోయింది. ఈ రకం ఫ్రిజ్‌ను ఒరిగిన నేల మీద గంటల తరబడి నడిపినా అదే గతి.

నీళ్లు పోసి చూపించకుండా "చలికాలానికి మూసేశాం, తర్వాత చూసుకోండి" అంటే వదిలేయండి. గడ్డకట్టి పగిలిన పైపు నీళ్లు ఎక్కించేదాకా కనపడదు. ట్యాంకులో కొన్ని గ్యాలన్లు పోసి పంపు ఆన్ చేసి కుళాయిలన్నీ కట్టేయండి. పంపు ఆగాలి, ఆగే ఉండాలి. ఏ కుళాయీ తెరవకుండా కాసేపటికోసారి గుర్రుమంటుంటే ఎక్కడో కారుతోంది. ట్రైలర్ అడుగున కప్పిన నల్లకవరు లోపల నీళ్లు చేరినా బయటికి తెలియదు, కవరును అరచేత్తో తట్టి చూడండి. వాటర్ హీటర్ వెనక బైపాస్ వాల్వు (నీళ్లు హీటర్‌లోకి పోకుండా పక్కకు మళ్లించేది) తిప్పే ఉంటే వేడినీళ్లు రావు. అదే స్థితిలో కరెంటు ఎలిమెంట్ వేస్తే ఖాళీ ట్యాంకులో నిమిషాల్లో కాలిపోతుంది. వేడినీళ్ల కుళాయిలోంచి ధార సాఫీగా వచ్చాకే స్విచ్ వేయాలి.

గ్యాస్ డిటెక్టర్ ఊడదీసి వెనక తేదీ చదవండి. పచ్చలైటు వెలుగుతున్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు, వాటి ఆయుష్షు సుమారు ఐదు నుంచి ఏడేళ్లే. సిలిండర్ వాల్వును ఒక్కసారిగా తిప్పితే లోపలి భద్రతా బిళ్ల అడ్డుపడి గ్యాస్ సన్నగా వస్తుంది, పొయ్యి వెలుగుతుంది గానీ హీటర్ వెలగదు. మూసేసి, కాసేపాగి, మెల్లగా తెరిస్తే సర్దుకుంటుంది.

బ్రేకుల పరీక్షకు ట్రైలర్ ముందుభాగంలో సన్న తీగతో వేలాడే బ్రేక్‌అవే పిన్ను (ట్రైలర్ దారిలో ఊడిపోతే బ్రేకులు వాటంతటవే పడేలా చేసేది) లాగి, వాహనంతో కొద్దిగా ముందుకు లాగండి. చక్రాలు బిగుసుకోవాలి. వెంటనే పిన్ను పెట్టేయండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. బేరింగులకు గ్రీజు ఎప్పుడు మార్చారో కాగితం అడగండి, ఏడాదికోసారి లేదా 12,000 మైళ్లకోసారి మార్చాలి. చక్రాన్ని పైకెత్తి పైనా కిందా పట్టుకుని కుదిపితే లొడలొడలాడకూడదు.

కాగితాల విషయంలో రెండు మాటలు చాలు: ఫ్రేము మీది విన్ నంబరూ (బండి గుర్తింపు సంఖ్య) టైటిల్, అంటే యాజమాన్య పత్రం మీదిదీ ఒకటేనా, అప్పు తాకట్టు ఏమైనా ఉందా చూడండి. బండి చూడకముందే అడ్వాన్స్ అడిగేవాడికి పైసా పంపకండి. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో ఆ ట్రైలర్ కంపెనీ, మోడల్, సంవత్సరం కొట్టి రీకాల్స్ (లోపం ఉందని తయారీదారు వెనక్కి పిలిచినవి) ఉన్నాయేమో చూడండి.

వేరే ఊళ్లో ఉన్న బండయితే, అమ్మేవాడి మాటే నమ్మే బదులు ఎన్‌ఆర్‌వీఐఏ (ఇలాంటి బండ్లను తనిఖీ చేసేవాళ్ల అమెరికా సంఘం) సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకోవచ్చు. డీలర్ ఇచ్చిన తనిఖీ కాగితం దానికి సాటి రాదు, అది అమ్మేవాడు తన సరుకుకు తానే రాసుకున్న మార్కుల జాబితా.

కొన్న రోజే చేయాల్సినవి: స్లైడ్-అవుట్ బ్యాటరీ దిగినప్పుడు చేత్తో లోపలికి లాగే ఏర్పాటు ఎక్కడుందో అమ్మేవాడి చేతే చూపించుకోండి, దాని హ్యాండిల్ బండిలోనే ఉందో లేదో చూసుకోండి. కారుతో వచ్చిన జాక్ ట్రైలర్‌కు పనికిరాదు, బరువుకు తగ్గది విడిగా కావాలి. ఇరుసు గొట్టం కింద పెట్టకూడదు, వంగిపోతుంది, చక్రాల దగ్గర ఫ్రేము కింద పెట్టాలి. క్యాంప్‌గ్రౌండ్ కరెంటు పెట్టెకూ మీ తీగకూ మధ్య తక్కువ వోల్టేజిని కూడా ఆపగలిగే రక్షణ పరికరం పెట్టండి, 104 కంటే దిగిన వోల్టుల్లో ఏసీ కంప్రెసర్ నడిస్తే మాడుతుంది. 30 ఆంప్ కనెక్షన్ మీద మొత్తం 3,600 వాట్లే, ఏసీ, మైక్రోవేవ్, వాటర్ హీటర్ మూడూ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడుతుంది, అది లోపం కాదు. టార్క్ రెంచ్ (నట్టు ఎంత బిగువుగా ఉందో చూపించే పానా) వెంట ఉంచుకోండి. చక్రం ఎప్పుడు విప్పి బిగించినా 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి నట్లు మళ్లీ బిగించాలి, అర అంగుళం బోల్టులకు సాధారణంగా 90 నుంచి 120 ఫుట్-పౌండ్లు. ఆగిన ప్రతిసారీ హబ్బుల (చక్రాల నడిమి భాగాల) దగ్గర చెయ్యి పెట్టి చూడండి. మిగతా వాటికంటే ఒకటి బాగా కాలుతుంటే అక్కడితో ప్రయాణం ఆపి మెకానిక్‌ను పిలవండి.